స్థిరాస్తి కింద ఒక మోకాలు

మోకాలు చేయడం నేర్చుకోదలచిన వారు ముందుగా తాము మనుషులమేనని పద్నాలుగు కాగితాల మీద రుజువు చేసుకోవాలని ప్రపంచంలోని ప్రభుత్వాలన్నీ ఎప్పుడో నిర్ణయించాయి. ఇందులో తప్పుపట్టడానికేమీ లేదు. మనిషి కానివాడెవడో విమానమెక్కి పోయి మోకాళ్ళు చేయడం నేర్చేసుకుంటే లోకం ఏమైపోవాలి?

దర్జీగారి అమ్మాయికి ఈ నిర్ణయం సంగతి కాస్త ఆలస్యంగా తెలిసింది. కృత్రిమ కాళ్ళూ చేతులూ తయారుచేసే చదువులో ఆమెది ఆఖరి సంవత్సరం. విదేశంలో ఒక వర్క్‌షాపు వాళ్ళు పన్నెండు వారాల ఇంటర్న్‌షిప్‌కు రమ్మని ఆమెకు ఉత్తరం రాశారు. మెట్లు దిగేటప్పుడు తనంతట తానే వంగి, బరువు పడగానే నిలదొక్కుకునే మోకాలు అక్కడ చేస్తారు. ఆ మోకాలితో ఆమెకు పని ఉంది. దర్జీగారి కుడికాలు పన్నెండేళ్ళ కిందట ఒక లారీ కింద పోయింది. దాని స్థానంలో ఉన్నది దానంతట అది వంగదు. కూర్చోవాలంటే పక్కనున్న గొళ్ళెం చేత్తో తీయాలి. తీసినప్పుడల్లా అది కిర్రుమంటుంది.

"కొట్టు తలుపు గొళ్ళెం ఊడిపోయింది గానీ, కాలి గొళ్ళెం మాత్రం గట్టిదే" అని దర్జీగారు ఎడమకాలితో మిషను తొక్కుతూ నవ్వేవారు. కొట్టు కింద, కాపురం పైన. ఆ ఏడాది ఆయన రెండుసార్లు మెట్ల మీద పడ్డారు. మూడోసారి పడితే తుంటి ఎముక దక్కదని డాక్టరు చెప్పేశాడు.

"నాన్నా, నేను వచ్చేదాకా మెట్లెక్కనని మాటివ్వు. మూడు నెలల్లో మోకాలు చేసిపెడతాను" అంది అమ్మాయి.

ఆయన మాటిచ్చి కొట్లోనే పక్క వేయించుకున్నారు. అమ్మ పొయ్యి కూడా కిందికి దింపింది.

ఇక పెదనాన్నగారి గురించి చెప్పుకోవాలి. ఆయన ముప్ఫై ఒక్క సంవత్సరాలు ఒక ప్రభుత్వ కార్యాలయంలో నకళ్ళ మీద ముద్ర వేశారు. "అసలుతో సరిచూడబడినది. నిజమైన నకలు" అని ఆ ముద్ర. రిటైరైన రోజున దాన్ని అప్పగించి రావడానికి మనసొప్పక, అన్నం డబ్బాలో పెట్టుకుని ఇంటికి తెచ్చుకున్నారు. అప్పటినుంచి ఆయన చేతికి చిక్కిన కాగితం ముద్ర పడకుండా బయటపడింది లేదు. కరెంటు బిల్లులు, శుభలేఖలు, ఒకసారి మందుల చీటీ కూడా నిజమైన నకళ్ళుగా ధ్రువీకరణ పొందాయి. తమ్ముడి కూతురు విదేశం వెళ్తోందంటే ఆయన చూస్తూ ఊరుకుంటారా? అమ్మాయి స్నానానికి వెళ్ళిన పది నిమిషాల్లో, బల్లమీదున్న ఆహ్వాన పత్రం అసలు ప్రతి మీద, సంతకం పక్కనే, ముద్ర ఠపీమని వేసి, ఆరేదాకా ఊదారు.

"నా వంతు సాయం చేశానమ్మా" అన్నారు పెదనాన్నగారు కళ్ళు చెమర్చగా.

వీసా కార్యాలయంలో కౌంటరు అధికారి ఆ కాగితాన్ని వెలుతురుకు పెట్టి చూశాడు.

"ఇది నకలు."

"అసలేనండి. సంతకం ఇంకుతో ఉంది చూడండి."

"సంతకం సంగతి నాకెందుకు? నకలని ముద్ర ఉంది. మీ అధికారే సరిచూశాడు. అసలు పట్రండి."

అధికారి మాటలో న్యాయముంది. ఒక కాగితం తాను అసలునంటుంది, ఒక ముద్ర అది నకలంటుంది. నాగరిక దేశాల్లో ముద్రనే నమ్ముతారు.

అమ్మాయి వర్క్‌షాపు వాళ్ళకు రాసింది. వాళ్ళు ఎంతో మర్యాదగా జవాబిచ్చారు: ఒక మనిషికి రెండు అసళ్ళు ఇవ్వడం తమ నిబంధనల్లో లేదు, మొదటిది పోయిందని పోలీసుల దగ్గర రసీదు తెస్తే రెండోది ఇస్తారు. పోలీస్ స్టేషన్లో రైటరు కూడా మంచివాడే. "పోయిందంటున్నారు, చేతిలోనే ఉంది కదమ్మా. నిజంగా పోగొట్టుకుని రండి, రాసిస్తాను" అన్నాడు. అబద్ధం రాయని రైటరు దొరకడం అదృష్టమని ఇంట్లో అందరూ అనుకున్నారు.

దాంతో కుటుంబమంతా ఉత్తరాన్ని పోగొట్టే పనిలో పడింది. మొదటిరోజు అమ్మాయి దాన్ని బస్టాపు బెంచీ మీద వదిలేసి వచ్చింది. సాయంత్రానికల్లా ఒక పెద్దాయన చిరునామా వెతుక్కుంటూ వచ్చి ఇచ్చి, కాఫీ తాగి వెళ్ళాడు. రెండోరోజు అమ్మ కూరల మార్కెట్లో జారవిడిచింది. కూరలమ్మి గంటలో తెచ్చి ఇస్తూ, "ఇంత ముఖ్యమైన కాగితం, జాగ్రత్త ఉండొద్దా?" అని చీవాట్లు పెట్టింది. మూడోరోజు పెదనాన్నగారు రైల్లో వదిలితే, ముద్రలోని కార్యాలయం పేరును బట్టి అది ఆయన పాత ఆఫీసుకే చేరితే, అక్కడివాళ్ళు ప్రత్యేక బంట్రోతు చేతికిచ్చి పంపారు. ఆ కార్యాలయ చరిత్రలో ఒక కాగితం ఒక్కరోజులో కదలడం అదే మొదలు.

చివరికి దర్జీగారే ఉపాయం చూశారు. ఆ రోజు కొట్లో కుట్టు పూర్తికాని కోట్లు పదకొండు వేలాడుతున్నాయి. ఇంట్లోవాళ్ళందరినీ కళ్ళు మూసుకోమని, ఉత్తరాన్ని ఒక కోటు లైనింగ్‌లో పెట్టి కుట్టేశారు. పదకొండు కోట్లూ ఎవరివి వాళ్ళకు వెళ్ళిపోయాయి.

"ఇప్పుడెక్కడుందో నాకూ తెలీదు, ఒట్టు" అన్నారాయన. రైటరు సంతోషంగా రసీదు రాసిచ్చాడు.

రెండో అసలు వచ్చింది. ఈసారి అమ్మాయి స్నానాల గదిలోకి కూడా దాన్ని వెంట తీసుకెళ్ళింది. ఇంటర్వ్యూలో అధికారి ఒకే ప్రశ్న అడిగాడు.

"తిరిగి వస్తారని రుజువేమిటి?"

"మా నాన్న మోకాలండి."

"మోకాలికీ బోడిగుండుకూ ముడిపెట్టకండి. పొలముందా? ఇల్లుందా? ఉద్యోగముందా? భర్త ఉన్నాడా?"

"ఏవీ లేవు. నేను రాకపోతే మా నాన్న మెట్లెక్కలేడు. అందుకని వస్తాను."

అధికారి చెడ్డవాడు కాదు. కంప్యూటర్లో నాన్న కోసం వెతికాడు, దొరకలేదు. ప్రేమ కోసం గడి అసలే లేదు. మోకాలు వంగుతుందా అని అడిగాడు. వంగదని చెప్పింది. అయితే కదలని ఆస్తే కదా అని, "ఇతర స్థిరాస్తులు" అన్న గడిలో "మోకాలు, ఒకటి" అని ఎక్కించాడు. వీసా మంజూరైంది. అప్పటికి పన్నెండు వారాల్లో ఐదు గడిచిపోయాయి.

ఆ దేశం చాలా గొప్ప దేశం. అక్కడ ఎవరూ ఎవరినీ కసరరు. నివాస అనుమతి కార్యాలయంలో ఆమెకు కుర్చీ వేశారు, మంచినీళ్ళిచ్చారు, చిరునవ్వుతో కాదన్నారు. వర్క్‌షాపు గడప దాటాలంటే నివాస అనుమతి కార్డు ఉండాలి. కార్డు కావాలంటే సొంత పేరున అద్దె ఒప్పందం ఉండాలి. అద్దెకు గది ఇవ్వాలంటే ఇంటివాళ్ళకు కార్డు చూపించాలి. పెళ్ళయితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్ళి కాదన్న మన సామెతను అక్కడివాళ్ళు మూడు శాఖలుగా విభజించి, ఒక్కో శాఖకు ఒక్కో భవనం కట్టించారు. భవనాలు కూడా బాగున్నాయి.

అమ్మాయి ఒక హాస్టల్లో ఆరుగురితో గది పంచుకుని, రోజూ ఉదయం వర్క్‌షాపుకు వెళ్ళేది. లోపలికి కాదు, కిటికీ దాకా. వర్క్‌షాపు మేస్త్రీ నెరిసిన జుట్టు మనిషి, మాటలు తక్కువ. రెండో రోజు ఆయన తన పనిబల్లను కిటికీ దగ్గరికి జరిపించుకున్నాడు. అద్దానికి లోపల ఆయన మోకాలు విప్పేవాడు, బిగించేవాడు. అద్దానికి బయట ఆమె వానలో గొడుగు భుజాన ఆనించుకుని నోట్సు రాసుకునేది. ఏదైనా అర్థం కాకపోతే అద్దం మీద వేలితో తట్టేది, ఆయన మళ్ళీ విప్పేవాడు. ఏ నిబంధనలోనూ లేని చదువు ఇది. ఈ కథలో ప్రభుత్వాల ప్రమేయం లేకుండా జరిగింది ఇదొక్కటే కాబట్టి, జరగవలసినట్టే జరిగింది.

ఆరు వారాలకు ఒక ముసలావిడ, ఇల్లద్దె నిబంధనలు ఎన్నడూ చదవని పుణ్యాత్మురాలు, తన ఇంటి పైగది అమ్మాయి పేరున రాసిచ్చింది. వెంటనే కార్డు వచ్చింది. ఇంటర్న్‌షిప్ ఇంకా ఐదు రోజులుంది. నాలుగు రోజులు అమ్మాయి తన చేతులతో మోకాలు విప్పడం నేర్చుకుంది. బిగించడం ఐదో రోజున. ఐదో రోజున ఉదయం నుంచి సాయంత్రం దాకా, శిక్షణ విజయవంతంగా ముగిసిందన్న కాగితాల మీద సంతకాలు పెట్టించారు.

మేస్త్రీ ఒక కొత్త మోకాలు గుడ్డలో చుట్టి ఆమె చేతికిచ్చాడు. "బిగించడం అద్దంలోంచి చూశావుగా. వెళ్ళగానే చెయ్యి, లేకపోతే చేతులు మరిచిపోతాయి" అన్నాడు.

ఆమె తిరిగొచ్చింది. వస్తుందని రుజువడిగింది అక్కడి ప్రభుత్వం, ఎందుకొచ్చావని సంజాయిషీ అడిగింది ఇక్కడి వీధి.

అయినా వీధి సంఘం వారు సన్మాన సభ పెట్టారు. నివాస అనుమతి కార్డు మొదటి వరస నుంచి చివరి వరస దాకా చేతులు మారింది. దాని మీద గడువు తేదీ చూసి ఆడవాళ్ళు బుగ్గలు నొక్కుకున్నారు. "ఇంకా నాలుగు నెలలు చెల్లుతుందటే! అంత మంచి కార్డు పెట్టుకుని వచ్చేస్తారా ఎవరైనా?" అంది పక్కింటి అత్తయ్య. మోకాలున్న గుడ్డమూట బల్లమీదే ఉంది. విప్పి చూద్దామని ఎవరికీ తోచలేదు.

వీధి సంఘం అధ్యక్షుడు కొత్త కోటులో లేచి నిలబడ్డాడు.

"సోదరులారా, సోదరీమణులారా! నేడు మన వీధి పేరు ఒక విదేశీ కంప్యూటర్లోకి ఎక్కింది. ఈ చిరంజీవి వీసాను సాధించింది, అంతటితో తృప్తి పడక నివాస అనుమతిని సైతం సాధించింది! ఈ రెండింటికి మించి యువతకు లక్ష్యమేముంటుంది? ఆమె అక్కడ ఏం నేర్చుకుందన్నది చిన్న విషయం. ఎలా వెళ్ళిందన్నదే దేశానికి కావాలి!"

చప్పట్లు మోగాయి. జ్ఞాపిక ఇవ్వడానికి ఆయన వంగినప్పుడు కోటు లోపల కాగితం గరగరలాడింది. ముందు వరసలో దర్జీగారు తల దించుకుని గొళ్ళెం సర్దుకున్నారు.

మర్నాడు పొద్దున్నే అమ్మాయి కొట్లో ఒక మూల బల్ల వేసింది. "కృత్రిమ అవయవాలు చేయబడును, సరిచేయబడును" అని బోర్డు కట్టింది. నాన్నను కుర్చీలో కూర్చోబెట్టి, కాలు తీసి, పాత మోకాలు విప్పింది. మేస్త్రీ దగ్గర నాలుగు రోజులు నేర్చుకున్న విద్య కాబట్టి పదినిమిషాల్లో ముక్కలన్నీ బల్ల మీదున్నాయి. గుడ్డమూట విప్పి కొత్త మోకాలు చేతిలోకి తీసుకుంది. నోట్సు తెరిచింది.

అప్పుడే గుమ్మంలో అలికిడైంది. చూస్తే వరస! వీధి మలుపు దాకా జనం. ఆమెకు గుండె నిండింది. కాలో చెయ్యో లేనివాళ్ళు ఇంతమంది ఉన్నారా, ఇన్నాళ్ళూ ఎక్కడికి పోవాలో తెలియక ఎంత బాధపడ్డారో అనుకుంది.

"రండి బాబాయ్, ఏ కాలు?" అని అడిగింది మొదటి మనిషిని.

రెండు కాళ్ళూ నిక్షేపంలా ఉన్న ఆ బాబాయి చంకలోంచి ఫైలు తీశాడు. "మావాడి ఆహ్వాన పత్రమమ్మా. నువ్వు ఎలా గట్టెక్కావో ఆ కిటుకు చెప్పు చాలు."

పాపం కాదనలేకపోయింది. ఒక్కరికే కదా అనుకుంది. రెండో ఆయనది ఇంకా చిన్న పని. మూడో ఆవిడ దూరం నుంచి వచ్చింది. పెదనాన్నగారు సంగతి గ్రహించి, రద్దీ అదుపు చేయడానికి గుమ్మంలో కుర్చీ వేసుకుని చీటీలు పంచసాగారు. ప్రతి చీటీ మీదా ముద్ర. అమ్మాయి చేయి తిరిగింది. ఫొటో వెనక గోడ తెల్లగా లేదు, ఇది పనికిరాదు. ఇది నకలు, అసలు పట్రండి. తిరిగొస్తాడని రుజువేది? గొంతు కూడా ఆ కౌంటరు అధికారి గొంతులాగే, కోపం లేకుండా, తల ఎత్తకుండా వచ్చేది.

మూడో వారానికి మోకాలి ముక్కలున్న బల్ల మీద ఫైళ్ళు చేరాయి. కొత్త మోకాలు, కాగితాలు ఎగిరిపోకుండా పైన పెట్టుకోవడానికి బాగా ఉపకరించింది. బోర్డు మీద మొదటి రెండు మాటలు చెరిపి, "వీసా పత్రములు" అని పెదనాన్నగారే రాయించారు.

ఒక మధ్యాహ్నం దర్జీగారు కుర్చీలోంచే పిలిచారు.

"అమ్మా, నా కాలు..."

"చీటీ తీసుకున్నారా?" అంది అమ్మాయి తల ఎత్తకుండా.

దర్జీగారు నవ్వడానికి ప్రయత్నించారు. "లేదమ్మా. తీసుకుంటాను. నాకేం తొందర, నేనెక్కడికి పోతాను?"

అమ్మాయి ఆ గొంతు విని తల ఎత్తింది. నాన్నను చూసింది. బల్ల మీద మోకాలి ముక్కల కోసం చేయి చాపింది. అంతలో వరసలోంచి అరుపులు మొదలయ్యాయి. ముందొచ్చినవాళ్ళం మేం, ఇదేం అన్యాయం, సొంతవాళ్ళైతే వరస ఉండదా, అని. అరిచినవాళ్ళందరూ దర్జీగారి చేత బట్టలు కుట్టించుకున్నవాళ్ళే. చేయి వెనక్కి వచ్చి తర్వాతి ఫైలు అందుకుంది.

పెదనాన్నగారు వచ్చి తమ్ముడి చేతిలో చీటీ పెట్టారు. నలభై ఒకటి. దర్జీగారు దాన్ని మడిచి, ఖాళీ పంట్లాం కాలు మీద పెట్టుకుని కూర్చున్నారు. ఆయన కన్నా ముందు నలభై మంది ఉన్నారు. అందులో మనది ఎన్నో నంబరో చూసుకోవాలంటే, ఎవరి చీటీ వాళ్ళ జేబులోనే ఉంది.