తప్పనిసరి తీరిక

"వచ్చే సోమవారం ఉదయం పది గంటల నుంచి పన్నెండున్నర వరకు మేల కరిసల్‌పట్టి గ్రామ మహిళలందరూ విశ్రాంతి తీసుకోవలెను. గైర్హాజరైన వారిపై తగు చర్య తీసుకోబడును."

ఆటోకి మైకు కట్టుకుని వచ్చిన మనిషి ఈ ప్రకటనను ఊరంతా వినిపించి వెళ్ళాడు. దేశంలో ఎన్నో ప్రభుత్వాలు వచ్చాయి, పోయాయి. ఆడవాళ్ళని కాసేపు కూర్చోమని ఉత్తర్వు ఇచ్చిన ఘనత మాత్రం, రెండువేల ఆరో సంవత్సరంలో, విరుదునగర్ వ్యవసాయాభివృద్ధి ప్రాజెక్టు ఆఫీసరు పొన్నుసామిగారికి దక్కింది.

అది విన్నప్పుడు పట్టమ్మాళ్ కోవిల్‌పట్టి పోయే తార్రోడ్డు మీద మినుములు ఆరబోస్తోంది. నల్లరేగడి ఊరు. నేల ఎండితే పగుళ్ళు, తడిస్తే బురద. పంట ఎండాలంటే రోడ్డే గతి. నిరుడు ఇదే రోడ్డు మీద ఆమె వదిన మూక్కమ్మాళ్ మినుములు ఊడుస్తుంటే లారీ వచ్చి కాలు విరగ్గొట్టి పోయింది. ఆ కాలు ఇప్పటికీ సరిగ్గా నేలకి ఆనదు. ఆ రోజు నుంచి పట్టమ్మాళ్‌కి కావలసింది ఒక్కటే, ఊరికో సిమెంటు కళ్ళం. ప్రతి మీటింగులోనూ లేచి అదే అడిగేది.

పొన్నుసామిగారు కాదనలేదు. అంత పెద్ద ఆఫీసర్లు దేనికీ కాదనరు. ఆయన ప్రాజెక్టులో మహిళా సాధికారతను నూటికి ఇన్ని మార్కులని కొలుస్తారు. డెబ్బై అయిదు దాటితే కళ్ళం ఇప్పిస్తానన్నారు. ఊరికి వచ్చింది అరవై ఒకటి. ఆడవాళ్ళు ఒంటరిగా విరుదునగర్ మార్కెట్టుకి మూటలు తీసుకుపోతున్నారని మార్కులు పడ్డాయి. బ్యాంకులో సంతకాలు పెడుతున్నారని పడ్డాయి. "తీరిక" అన్న గడిలో మాత్రం ఇరవైకి సున్నా. పొద్దున నాలుగున్నర నుంచి రాత్రి తొమ్మిది దాకా ఎంత వెతికినా ఆ గడిలో రాయడానికి ఏమీ దొరకలేదు.

"ఇంతేనా," అన్నారు పొన్నుసామిగారు. "ట్రైనింగు ఇస్తే అదే వచ్చేస్తుంది."

ట్రైనింగుకి ఆయనే స్వయంగా దయచేశారు. తమిళనాడులో ఉన్నా ఊరివాళ్ళ ఇంటి మాట తెలుగే; ఆయన ఇంట్లోనూ అదే కాబట్టి తమిళం పక్కన పెట్టారు.

"అందరూ కూకోండమ్మా. ఏమీ చెయ్యగూడదు."

"సుమ్మానేనా సార్?" అంది పట్టమ్మాళ్.

"సుమ్మానే, ఊరికే."

పట్టమ్మాళ్ కూర్చుంది. రెండు నిమిషాలకల్లా ఆమె వేళ్ళు పక్కనున్న చేటలో మినుముల్లోంచి రాళ్ళు ఏరుతున్నాయి.

"చేతులు," అన్నారు ఆఫీసరుగారు.

"నేనేమి చెప్పలేదు సార్. అవే పోయినాయి."

చేట తీసేయించారు. చేతులు మూక్కమ్మాళ్ తలలో పేలు చూడడం మొదలుపెట్టాయి. ఇక లాభం లేదని పొన్నుసామిగారే ప్లాస్టిక్ కుర్చీలో వెనక్కి వాలి, కాళ్ళు చాపి, కళ్ళు సగం మూసి చూపించారు. ఇరవై రెండేళ్ళ ఆఫీసు అనుభవం ఎక్కడికి పోతుంది? ఆడవాళ్ళు నోళ్ళు తెరుచుకుని చూశారు.

ఆయన రోజూ రాలేరు గనక స్థానిక నిపుణుల్ని నియమించారు. ఊరి టీ కొట్టు బెంచీల మీద పన్నెండుమంది మగవాళ్ళు ఏళ్ళ తరబడి ఈ విద్యనే సాధన చేస్తున్నారు. పట్టమ్మాళ్ మొగుడు వెళ్ళైసామి అందులో సీనియరు. అందరికీ శిక్షకులని బ్యాడ్జీలు ఇచ్చారు. శిక్షణ వారం రోజులు దివ్యంగా సాగింది. శిక్షకులకి మధ్యలో టీ, వడ కావలసి వచ్చేవి. అవి మాత్రం ఆడవాళ్ళు వంతులవారీగా లేచి చేసి పెట్టారు.

సోమవారం చెన్నై నుంచి ఇళవరసి మేడం గడియారంతో, ఫారాలతో దిగింది. కొలిచేది ఆవిడే. షామియానా కింద ముప్పై ఆరుమంది ఆడవాళ్ళు ఒళ్ళో చేతులు పెట్టుకుని కూర్చున్నారు. ఎదురుగా బ్యాడ్జీలతో శిక్షకులు. ఎవరు లేచినా మార్కులు పోతాయని పొన్నుసామిగారు ముందే హెచ్చరించారు.

పదకొండు ముప్పావుకి కయత్తారు వైపు మబ్బు కమ్మింది. దూరంగా గాలిమరలు జోరుగా తిరుగుతున్నాయి. ఎండలు మొదలయ్యే మాసి నెలలో వాన ఎవరూ అనుకోలేదు.

"సార్, మినుములు రోడ్డు మీద ఉండాయి," అంది పట్టమ్మాళ్.

"ఇంకా ముప్పావు గంటేనమ్మా. కళ్ళం సంగతి మరిచిపోవద్దు."

ఆమె మొగుడి వైపు తిరిగింది. "మీరన్నా పోయి ఎత్తండి."

వెళ్ళైసామి బ్యాడ్జీ సర్దుకున్నాడు. "నేనెట్ల పోయేది? డ్యూటీలో ఉండాను కదా."

చినుకులు పడ్డాయి. పట్టమ్మాళ్ సగం లేచింది. పక్కన చాపుకుని ఉన్న మూక్కమ్మాళ్ వంకర కాలు కనిపించింది. మళ్ళీ కూర్చుంది. వాన దంచి కొట్టింది. నాలుగు నెలల చాకిరీ నల్లగా రోడ్డు పక్క కాలవలో కొట్టుకుపోతుంటే ఆమెకు ఏడుపొచ్చింది. ఏడవడం ఏ గడిలోకి వస్తుందో తెలియక ఆపుకుంది.

ఇళవరసి మేడం నిజాయితీ గల మనిషి. "కుండపోతలోనూ విశ్రాంతి చెదరలేదు" అని రాసుకుంది. ఇరవైకి ఇరవై వేసింది.

ఎనభై ఒక్క మార్కులతో ఊరు జిల్లాలో మొదటిదయింది. నెల తిరక్కుండా పొన్నుసామిగారికి ప్రమోషను, కొత్త జీపు వచ్చాయి. విరుదునగర్‌లో సభ పెట్టి ఊరి ఆడవాళ్ళకి తలా ఒక ఎర్ర ప్లాస్టిక్ కుర్చీ బహుమతిగా ఇచ్చారు. పట్టమ్మాళ్ వేదిక మీదే అడిగింది.

"కళ్ళం ఎప్పుడు కడతారు సార్?"

"అది పనిభారం ఉండే ఆడవాళ్ళకమ్మా," అన్నారాయన ఎంతో ఆప్యాయంగా. "మీకు తీరిక ఉండాదని గవర్నమెంటే ఒప్పుకున్నది. ఇప్పుడు కట్టిస్తే ఆడిట్‌వాళ్ళు నన్ను పట్టుకుంటారు."

ఆమె కుర్చీ నెత్తిన పెట్టుకుని బస్సెక్కింది.

మాసి తరవాత వచ్చే పంగుని నెలలో మిరపకాయలు కోతకొచ్చాయి. ఒకనాడు పొద్దున పొన్నుసామిగారు మరో ఊరికి తీరిక నేర్పడానికి కొత్త జీపులో బయలుదేరారు. మేల కరిసల్‌పట్టి దగ్గర జీపు ఆగిపోయింది. రోడ్డు పొడవునా మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. వాటి ముందు రోడ్డుకి అడ్డంగా ముప్పై ఆరు ఎర్ర కుర్చీలు. నడిమి కుర్చీలో పట్టమ్మాళ్ వెనక్కి వాలి, కాళ్ళు చాపి, కళ్ళు సగం మూసుకుని ఉంది. పక్కన మూక్కమ్మాళ్. అవతల లారీలు బారులు తీరాయి. జీపు డ్రైవరు హారన్ మోగిస్తూనే ఉన్నాడు.

పొన్నుసామిగారు దిగి వచ్చారు. "లేవమ్మా, నాకు అర్జంటు మీటింగు ఉండాది."

"ఎట్ల లేచేది సార్," అంది పట్టమ్మాళ్ కదలకుండా. "పన్నెండున్నర కాలేదే."

ఆయన వాచీ చూసుకున్నారు. పదీ పది అయింది.