ఖాళీగా తిరిగిరాని డబ్బాలు

సోమవారం పొద్దున ఆరింటికి నాగరాణి ఫ్రిజ్ తలుపు మీద ఒక కాగితం అతికించింది. వారం రోజుల ప్రణాళిక అది. సోమవారం: గల్లీలో నలభై ఇళ్లకు ఉచితంగా డోనట్లు. మంగళవారం: ఖాళీ డబ్బాలు వాపసు, అభిప్రాయాల సేకరణ. బుధవారం నుంచి: ఆర్డర్లు. ఆదివారం: షటర్ ముందు లైన్. 'లైన్' అన్న మాట కింద ఎర్ర స్కెచ్ పెన్నుతో రెండు గీతలు గీసింది. ఆ వారం ఆమె బతుకంతా ఆ ఒక్క మాట మీదే నిలబడి ఉంది మరి.

వాళ్ల నాన్న పరశురాంకు తాండూరు స్టేషన్ రోడ్డులో ఒక దుకాణం షటర్ ఉంది. నాపరాళ్ల పాలిష్ మిషన్ నడిపే మనిషి కాబట్టి దాని మెట్లు కూడా మొహం చూసుకునేంత నున్నగా ఉంటాయి. దేశమంతా దుకాణాలున్న ఒక పెద్ద డోనట్ కంపెనీ కన్ను ఆ షటర్ మీద పడింది. వికారాబాద్‌లో ఇప్పటికే తెరిచేశారు, ఇక తాండూరు వంతు. హైదరాబాద్‌లో హోటల్ మేనేజ్‌మెంట్ చదివొచ్చి మూడు నెలలుగా వంటింట్లో మైదాపిండితో కుస్తీ పడుతున్న నాగరాణి ఆ వార్త వినగానే చేతులు కడుక్కుంది. రైలెక్కి వికారాబాద్ వెళ్లింది, వాళ్ల డోనట్ కొనుక్కుని తిన్నది. ఎక్కడో చేసి వ్యాన్‌లో తెచ్చిన ఆ డోనట్ చల్లగా, బిగుసుకుపోయి, మొదటి ఇంటర్వ్యూకు వచ్చిన కుర్రాడిలా ఉంది. తిరుగు రైల్లోనే నిర్ణయించేసుకుంది.

"డాడీ, ఆ షటర్ నాకియ్యి. వేడి వేడి డోనట్లు, మీదికెల్లి బెల్లం పాకం. వాళ్లకంటె మస్తు చేస్త."

"కంపెనీ సారు ఆదివారం పది గంటలకు సంతకాలకు వస్తడు బిడ్డా," అన్నాడు పరశురాం. "అప్పటికి నీ షటర్ ముంగట లైన్ కనవడితే నీకిస్త. లేకుంటె వాళ్లకే. నేను రాయిని జూసి కొనెటోణ్ణి, మాటలిని కాదు."

కంపెనీ వాళ్లు అట్టపెట్టెల్లో ఇస్తారు. నాగరాణి నలభై స్టీలు డబ్బాలు కొని, మూతల మీద 'నాగరాణి డోనట్స్, తాండూరు' అని పేరు కొట్టించింది. చెత్త ఉండదు. పైగా డబ్బా తిరిగి ఇవ్వడానికి వచ్చినవాళ్లు ఎలా ఉందో చెబుతారు, ఆ చేత్తోనే ఆర్డర్ కూడా ఇస్తారు. ఇంత మంచి ఆలోచన ఇంతవరకు ఎవరికీ ఎందుకు రాలేదా అని ఆశ్చర్యపోయింది. ఎందుకు రాలేదో మంగళవారం తెలిసింది.

సోమవారం మాత్రం అంతా అనుకున్నట్టే జరిగింది. ఒక్కో డబ్బాలో రెండేసి డోనట్లు. పక్కింటి రుక్కమ్మ మూత తీసి, ఒకటి పైకెత్తి, దాని చిల్లులోంచి నాగరాణిని చూసింది.

"నడుమ ఏమాయె బిడ్డా? ఎవరన్న కొరికిన్రా?"

"అది గట్లనే ఉంటది అత్తా. రేపు ఖాళీ డబ్బా ఇచ్చి, ఎట్లుందో చెప్పు చాలు."

"ఖాళీ డబ్బానా?" అన్నది రుక్కమ్మ, అదోలా. నాగరాణి అప్పటికే తరువాతి గుమ్మం దగ్గర ఉంది.

మంగళవారం తొమ్మిదింటికి ఎదురింటి లాల్‌బీ వచ్చింది. ఒక చేతిలో నాగరాణి డబ్బా, ఇంకో చేతిలో రెండు గిన్నెల టిఫిన్. నాగరాణి కాగితం, పెన్ను పట్టుకుని ఎదురెళ్లింది.

"ఖాలా, పదికి ఎన్ని మార్కులేస్తవ్?"

"ముందుగాల ఇది పట్టు. సేమియా ఖీర్. నీ డబ్బా చిన్నగుంది బేటీ, అందుల పట్టలే. అందుకే నా టిఫిన్ల తెచ్చిన."

"ఖీర్ ఎందుకు ఖాలా? నేను డోనట్ ఎట్లుందో అడుగుతున్న."

"అరె, ఎవరన్న ఖాలీ డబ్బా వాపస్ ఇస్తరా? నన్నేమనుకున్నవ్? జర తినిచూడు, చక్కెర సరిపోయిందా?"

నాగరాణి రుచి చూసి తొమ్మిది మార్కులు వేసింది. ఆ కాగితం మీద నమోదైన మొదటి అభిప్రాయం అదే.

మధ్యాహ్నానికి ముప్పై ఎనిమిది డబ్బాలు తిరిగొచ్చాయి. ఒక్కటీ ఒంటరిగా రాలేదు. రుక్కమ్మ డబ్బాతోపాటు గంజు నిండా సర్వపిండి తెచ్చింది. ఇంకొకరు సకినాలు, ఇంకొకరు మలీద ముద్దలు, ఒకావిడ జొన్నరొట్టెలు, దాంతోపాటు పుంటికూర పచ్చడి. డోనట్ల సంగతి ఎవరూ ఎత్తలేదు. అందరూ తాము తెచ్చిందాన్ని నాగరాణి తింటుంటే ఆమె మొహం వైపే చూస్తూ నిలబడ్డారు.

ఇక్కడితో ఆగిపోయినా బాగుండేది. కానీ ఇంట్లో నానమ్మ బుగ్గమ్మ ఉంది. సాయంత్రం నాగరాణి అందరి గిన్నెలు తోమి, తుడిచి, తిరిగి ఇవ్వడానికి సంచిలో పెడుతుంటే బుగ్గమ్మ చూసి కెవ్వుమంది.

"ఏందే గది? లాల్‌బీ టిఫిన్ ఖాళీగ పంపుతవా?"

"నానమ్మా, ఆమె ఖీర్ తెచ్చింది, తిన్నం, అయిపాయె. గిన్నె ఆమెది, ఆమెకు ఇస్తున్న."

"మనింటికెల్లి ఖాళీ గిన్నె పోతే నేను రేపటిసంది గల్లీల ఎట్ల తిరగాలె? పో, ఆ గుండ్రంటియి ఏసుకరాపో."

లాల్‌బీ టిఫిన్‌లో ఎనిమిది డోనట్లు పట్టాయి. రెండు డోనట్లకు ఖీర్ ఇచ్చిన లాల్‌బీ, ఎనిమిది చూసేసరికి పరేషాన్ అయిపోయింది. బుధవారం పొద్దున్నే దేగ్చీ నిండా బగారన్నం పంపింది. దేగ్చీలో ఇరవై నాలుగు డోనట్లు పట్టాయి.

అదే రోజు నాగరాణి ధైర్యం చేసి రుక్కమ్మ దగ్గర ఆర్డర్ల పుస్తకం తెరిచింది.

"అత్తా, రేపటికి ఒక డజన్ రాసుకోనా? మీకు తక్కువ ధరకే ఇస్త."

రుక్కమ్మ చేతిలోని చాట కింద పెట్టింది. "ధరనా? సర్వపిండి తిన్నప్పుడు నేను నిన్ను పైసలడిగిన్నా?"

"అది కాదు అత్తా, ఇది బిజినెస్..."

"మీ అమ్మ నిన్ను కన్ననాడు ఉడుకునీళ్లు నేను వెట్టిన. అప్పుడు అడిగిన్నా పైసలు?"

నాగరాణి పుస్తకం మూసి, క్షమాపణ చెప్పి, ఒక పెద్ద గిన్నెడు గుగ్గిళ్లతో ఇంటికొచ్చింది. గిన్నె రుక్కమ్మదే. మళ్లీ నింపి పంపాలి.

గురువారం సంగతి పక్క గల్లీకి పాకింది. కన్నడ మాట కలిపి మాట్లాడే నాగవ్వ, ఇంతవరకు నాగరాణి మొహం కూడా చూడని మనిషి, హాట్‌ప్యాక్ నిండా బొబ్బట్ల లాంటి హోళిగెలు పట్టుకుని గుమ్మంలో నిలబడింది.

"మా ఇంటికి డబ్బా రాలేదమ్మా. అందుకే మేమే మొదలువెట్టినం."

ఆ రోజు నాగరాణి మూడు వందల డోనట్లు వేయించింది. మూడు వందలూ ఎవరివో గిన్నెల్లో కూర్చుని ఎవరి ఇళ్లకో వెళ్లిపోయాయి. ఒక్కటీ అమ్ముడుపోలేదు. ఇంట్లో అడుగు పెట్టడానికి జాగా లేక గిన్నెలన్నీ, పొయ్యితో సహా, ఆటోలో షటర్‌కు తరలించాల్సి వచ్చింది. పరశురాం మాత్రం వారంలో మొదటిసారి రెండు పూటలా ఇంటికి భోజనానికి వచ్చాడు.

"నీ వ్యాపారమెట్లుందో గని బిడ్డా, తిండి మస్తుంది," అన్నాడు బగారన్నం కలుపుకుంటూ.

శుక్రవారం నాగరాణి షటర్ మీద ఒక కాగితం అతికించింది: 'డబ్బాలు దయచేసి ఖాళీగా ఇవ్వగలరు.' దాన్ని చదివిన గల్లీ మొత్తం చిన్నబుచ్చుకుంది. తమ వంట ఈ పిల్లకు పసంద్ రాలేదన్నమాట. శనివారం నుంచి వంటల్లో నెయ్యి పెరిగింది, జీడిపప్పు పడింది, లాల్‌బీ దేగ్చీలోకి కోడి కూడా దిగింది.

శనివారం సాయంత్రం నాగరాణి నానమ్మ పక్కన కూలబడింది.

"ఒక్క ఆర్డర్ లేదు, లైన్ లేదు. రేపు పదింటికి డాడీ సంతకం పెడ్తడు. అంతట్ల అందరి గిన్నెలు అందరికి ఇచ్చేస్త నానమ్మా. తొమ్మిదింటికి షటర్ కాడికొచ్చి తీసుకపొమ్మని చెప్పి పంపిన. నాతోని కాదు ఇగ."

బుగ్గమ్మ మనవరాలి తల నిమిరింది.

"సరే గని," అన్నది, "గిన్నెకొక్కటన్న ఏసియ్యి. ఖాళీ అనకుంట గంతే."

ఆదివారం ఎనిమిదింటికే నాగరాణి షటర్ ఎత్తి నూనె పెట్టింది. తొమ్మిదింటికి తలెత్తి చూస్తే మెట్ల మీద లాల్‌బీ. ఆమె వెనక రుక్కమ్మ. ఆమె వెనక నాగవ్వ. వాళ్ల వెనక రెండు గల్లీలు. తమ గిన్నెలు తీసుకుపోవడానికి వచ్చినవాళ్లే అందరూ, కానీ ఉత్త చేతులతో వచ్చింది ఒక్కరూ లేరు. ఆఖరిసారి కదా అని ఇంట్లో ఉన్నవాటిలో పెద్ద గిన్నెల నిండా వండి, మూతలు పెట్టి తెచ్చారు. ఇద్దరు మనిషికో కొస పట్టుకుని మోసుకొచ్చిన గంగాళం కూడా ఒకటుంది. లైన్ మెట్లు దిగి, సైకిల్ షాపు దాటి, మెడికల్ షాపు దగ్గర మలుపు తిరిగింది.

సరిగ్గా పదింటికి కారాగింది. మెడలో కార్డు, చంకలో అగ్రిమెంట్ ఫైలుతో కంపెనీ సారు సందీప్ దిగాడు. అతనికి స్వాగతం చెప్పడానికి వచ్చిన పరశురాం రోడ్డు మధ్యలోనే ఆగిపోయాడు.

"ఇదేంటండీ?" అన్నాడు సందీప్.

"లైన్ సార్," అన్నాడు పరశురాం, తనే నమ్మలేనట్టు.

సందీప్ మార్కెట్ సర్వే చేసి చేసి ముదిరిన మనిషి. నేరుగా లాల్‌బీ దగ్గరికి వెళ్లాడు.

"అమ్మా, మీరు ఇక్కడికి రోజూ వస్తారా?"

"రోజూ. మంగళవారం నుంచి ఒక్క దినం తప్పలే."

"ఇంత పెద్ద గిన్నెతోనా?"

"చిన్న డబ్బాతోని మొదలైంది బేటా. ఇప్పుడు దేగ్చీ దాంక వచ్చింది. ఎక్కడ ఆగుతదో అల్లాకే తెలుసు."

సందీప్ రాసుకున్నాడు. "ధర ఎక్కువనిపించట్లేదా?"

"ఆ మాట ఎత్తకు సారూ," అందుకున్నది రుక్కమ్మ. "ఈ గల్లీల ధర మాటెత్తినోళ్లతోని మేం మాట్లాడం."

"మేం ఇక్కడ షాపు పెడితే వస్తారా మరి? మా దగ్గర ఒకటి కొంటే ఒకటి ఉచితం."

"మీ కాడికి ఏం పట్టుకరావాలె?" అడిగింది నాగవ్వ.

"ఏమీ అక్కర్లేదండీ. ఉత్త చేతులతో వచ్చేయండి."

లైన్లో ముందున్న పదిమందీ అతన్ని జాలిగా చూశారు. "ఉత్త చేతులతోని ఎట్లొస్తమయ్యా?" అన్నది నాగవ్వ. "మాకు మర్యాద లేదా?"

సందీప్ పక్కకు వెళ్లి ఫోన్ చేశాడు. "సార్, తాండూరు వద్దు సార్. జనం దేగ్చీలు పట్టుకుని నిలబడ్డారు. బాక్సులు కాదు సార్, దేగ్చీలు. ఒకచోట గంగాళం కూడా చూశాను. మన ఆఫర్ చెబితే ఏడ్చినంత పని చేశారు." ఫోన్ పెట్టేసి, ఫైలు బ్యాగులో పెట్టేసుకున్నాడు.

లోపలి నుంచి నాగరాణి ఇదంతా వింటూనే ఉంది. షటర్ దక్కుతోంది. నోరు మూసుకుంటే చాలు. కానీ అబద్ధపు లైన్ మీద మొదటి దుకాణం తెరవడానికి మనసొప్పలేదు. గరిటె చేతిలో ఉండగానే బయటికి పరుగెత్తింది.

"సార్, ఆగండి. ఇది నిజమైన లైన్ కాదు. వీళ్లందరూ గిన్నెల కోసం వచ్చిన్రు. ఈ వారంల నేను ఒక్క డోనట్ కూడా అమ్మలే."

పరశురాం కళ్లు మూసుకున్నాడు. సందీప్ ఆమెను, గరిటెను, మలుపు దాకా ఉన్న లైన్‌ను మార్చి మార్చి చూసి నవ్వాడు.

"అమ్మకాలు అడిగితే వ్యాపారం బాగా నడిచేవాళ్లంతా ఇదే చెప్తారు మేడం. పది ఊళ్లు చూశాను నేను." ఒకసారి గాలి పీల్చి, బెల్లం పాకం వాసన వచ్చిన వైపు చూశాడు. "మా ఆఫీసులో చూపించడానికి ఒక డజన్ కావాలి. లైన్లోనే వస్తాలెండి."

వెళ్లి చివర నిలబడ్డాడు. అప్పుడే వికారాబాద్ నుంచి రైలొచ్చింది. దిగినవాళ్లు వాసన పట్టి, లైన్ చూసి, ఏం దొరుకుతుందో అడక్కుండానే అతని వెనక చేరారు. ఇరవై మంది పైనే ఉంటారు.

"లైన్ కావాలన్న, లైన్ వచ్చింది. షటర్ నీదే," అన్నాడు పరశురాం కూతురి చెవిలో. "కని ఒక్కటి చెప్పు బిడ్డా. అందరం ఇట్ల ఒకరికొకరం పెట్టుకుంట పోతే, దుకాణం నడిచేదెట్ల?"

నాగరాణి మళ్లీ పొయ్యి దగ్గరికి వెళ్లింది. గిన్నెకొకటి వేస్తూ పోయింది. ముప్పావుగంటకు సందీప్ వంతు వచ్చింది. ఆ ముప్పావుగంటలోనూ ముందున్నవాళ్లు వెనక్కి తిరిగి తిరిగి అతని చేతుల వైపు చూస్తూనే ఉన్నారు. అతను ఆ చేతుల్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక జేబుల్లో దాచుకున్నాడు. కౌంటర్ దగ్గర తల వంచుకుని, గొంతు బాగా తగ్గించి అడిగాడు.

"నా దగ్గర గిన్నె లేదండీ. డబ్బులైతే ఉన్నాయి. తీసుకుంటారా?"

నాగరాణి చేతిలోంచి గరిటె నూనెలో పడింది. అతని వెనక నిలబడ్డ ఇరవై మంది కూడా, ఏం జవాబొస్తుందో అని, తమ ఖాళీ చేతుల్ని వెనక్కి పెట్టుకున్నారు. ఆమె నోరు పెగిలేలోపే పక్కనే తన దేగ్చీ ముందు పెట్టుకుని కూర్చున్న లాల్‌బీ లేచి సందీప్ భుజం తట్టింది.

"షరమ్ పడకు బేటా. ఈసారికి పైసలే ఇయ్యి."