బ్రిటిష్ నౌకాబలమూ, గౌరవ్వ కొడుకు పుట్టువెంట్రుకలూ

బ్రిటిష్ వాళ్ళ నౌకాబలం లోకానికి చేసినంత మేలు వానలు కూడా చేయలేదు. నవ్వకండి! బహ్రెయిన్‌లో మీనా సల్మాన్ రేవు పక్కన, ఓడలు బాగుచేసే వర్క్‌షాపులో ఆరేళ్ళుగా స్టోర్ కీపర్ని. సముద్రం గురించి నాకు కాక ఇంకెవరికి తెలుస్తుంది?

మాది కోరంగి. మా ముత్తాతలు తెరచాప ఓడలు కట్టేవారు. చెక్క చెక్కీ చెక్కీ చేతులు బొబ్బలెక్కేవట. ఇంగ్లీషువాళ్ళ ఆవిరి ఓడలు వచ్చాక ఆ బాధ తప్పింది. పనే లేకుండా పోయింది! ఇంతకంటే ఉపకారం ఏం కావాలి?

టేకు మన అడవులది, లంగరు వేసిన నీళ్ళు ఇంకొకరివి, జెండా మాత్రం వాళ్ళది. అలా ఓడ మీద ఓడ చేరి, సముద్రమంతా వాళ్ళ పెరడైపోయింది.

ఈ బహ్రెయిన్ దీవికీ వచ్చారు. "మిమ్మల్ని మేం కాపాడతాం" అన్నారు. ఎవరి నుంచి అని అడగడం మర్యాద కాదు, ఓడ నిండా ఫిరంగులున్నాయి. తమ అనుమతి లేకుండా మరో దేశంతో మాటా మంతీ వద్దని వందేళ్ళకు పైగా కిందటే ఇక్కడి షేకు చేత కాగితం రాయించుకున్నారు. ఇల్లు మీదే, తాళంచెవి మా దగ్గర. హాయి కదా?

ఈ హాయి విలువ మా దేవన్నకు తెలియదు. జగిత్యాల వైపు మనిషి, ఓడల అడుగున తుప్పు గోకుతాడు. నాలుగేళ్ళ కిందట చేరిన రోజున, పాస్‌పోర్టులు కంపెనీ ఇనప్పెట్టెలో పెట్టాలంటే వెనకాడాడు. "క్షేమంగా ఉంటుందయ్యా, ఇచ్చెయ్" అని చెప్పింది నేనే. చరిత్ర చదివినవాణ్ణి కదా!

మొన్న అతను ఫోటో పట్టుకొచ్చాడు. రెండు జడలు, ఎర్ర రిబ్బన్లు. "ఎవరీ పాప?" అన్నాను.

"పాప కాదు సారూ, మా చెల్లె గౌరవ్వ కొడుకు. పుట్టువెంట్రుకలు మొదటి యేడే తియ్యాల్సుండె, నాకు లీవు దొరకలే. ఇప్పుడు మూడో యేడు. మేనమామ ఒళ్లె కూసోవెట్టుకుంటెనే కత్తెర పెడ్తరు. వచ్చే నెల దాటితే మల్ల అయిదో యేడే. గౌరవ్వకు నేనొక్కన్నే అన్నను."

వెంటనే ఇంగ్లీషులో అర్జీ రాసిచ్చాను: మేనల్లుడి జుట్టు తీయించే నిమిత్తం నెల సెలవు, పాస్‌పోర్టు ఇప్పించగలరు.

మేనేజరు చదివి జాలిపడ్డాడు. "జుట్టు కోసం ఇండియా దాకా ఎందుకు భాయ్? అద్లియాలో మంచి సెలూన్లున్నాయి. పోయి చేయించుకో, ఖలాస్."

"మరి పాస్‌పోర్టు?" అన్నాడు దేవన్న.

"సేఫ్‌గా ఉంది. ఫికర్ మత్ కరో."

చూశారా అభివృద్ధి! బ్రిటిష్ వాళ్ళకు వందల ఓడలు కావలసి వచ్చిన పనిని మా కంపెనీ ఒక్క ఇనప్పెట్టెతో చేస్తోంది. బొగ్గు ఖర్చు కూడా లేదు.

డ్యూటీ దిగాక దేవన్నను ఓదారుద్దామని రేవు గట్టు మీద కూర్చోబెట్టుకుని చరిత్ర మొదలుపెట్టాను. బ్రిటిష్ వాళ్ళ నౌకాదళం ఈ పక్కనే మకాం ఉండేదనీ, డెబ్బై ఒకటిలో సామాన్ సర్దుకుని వెళ్ళిపోయిందనీ చెప్పాను. అతను శ్రద్ధగా విన్నాడు.

"పోతమంటె ఎవలన్న ఆపిన్రా సారూ?"

"వాళ్ళనెవరాపుతారు? వాళ్ళంతట వాళ్ళే వచ్చారు, వాళ్ళంతట వాళ్ళే పోయారు."

"అవు గద. వాళ్ల పాస్‌పోర్టు వాళ్ల జేబులనే ఉండె."

నాకు సిగ్గేసింది. ఇచ్చెయ్యమన్నది ఈ నోటితోనే. నా పాస్‌పోర్టూ ఆరేళ్ళుగా ఆ ఇనప్పెట్టెలోనే ఉంది. తెచ్చుకుందామని నేనెప్పుడూ అడగలేదు, అడిగితే ఇవ్వరని తెలిసిపోతుందని.

అయినా రక్షణ వృథా పోలేదండోయ్. జగిత్యాల దగ్గర ఒక పిల్లవాడి జడలు ఇంకో రెండేళ్ళు క్షేమంగా ఉంటాయి. కత్తెర తాకదు.