ఎముకకు మాక్ డ్రిల్

ఆదివారం పొద్దున్న కుక్కపిల్లకు మొదటిసారి పచ్చి ఎముక పెడదామని ఆ ఇంటి ఇల్లాలు అనుకుంది. వేరే ఇంట్లో అయితే అనుకున్నాక పెట్టేస్తారు. ఈ ఇంటాయన మాత్రం రంగుల ఫ్యాక్టరీలో సేఫ్టీ ఆఫీసరు. ఆయన చేతిలో పడితే అగ్గిపుల్ల గీయాలన్నా ముందు మీటింగు, తర్వాత మాక్ డ్రిల్లు, ఆ తర్వాతే పుల్ల. ఆయన హయాంలో ఫ్యాక్టరీలో ఒక్క ప్రమాదమూ జరగలేదు. పని కూడా పెద్దగా జరగలేదని గిట్టనివాళ్ళు అంటారు.

నిజానికి పశువుల డాక్టరు చెప్పిన సంగతులు తేలికైనవే. పళ్ళు వస్తున్న కుక్కపిల్లకు మాంసం అంటుకున్న ఎముక కొరకడం మంచిదే, కానీ పచ్చిదే పెట్టాలి. ఉడికిస్తే పెళుసెక్కి, పుల్లలుగా విరిగి గొంతులో గుచ్చుకుంటుంది. ఎముక కుక్కపిల్ల తలకాయ కన్నా పెద్దదిగా ఉండాలి, లేకపోతే గుటుక్కున మింగేస్తుంది. ఆకలి మీద ఆత్రపడకుండా రోజూ పెట్టే తిండి పెట్టాకే ఇవ్వాలి. కడగడానికి వీలైన చోట పెట్టి, పక్కనే కూర్చుని, మొదటి రోజు పది నిమిషాలకే తీసేయాలి. అది కూడా లాక్కోకూడదు, నోటికి ఇంకేదైనా ఇచ్చి మార్చుకోవాలి. తర్వాత చేతులూ నేలా శుభ్రంగా కడగాలి. ఇల్లాలు ఇదంతా విని సరేనంది. ఆయన మాత్రం విన్నప్పటి నుంచీ కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు.

ఆ రోజే ఇంకో గండం కూడా ఉంది. అపార్ట్‌మెంట్ సెక్రటరీ కాసేపట్లో వచ్చి, కుక్కపిల్లను కళ్ళారా చూసి, ఉంచాలో పంపించేయాలో తేల్చేస్తానన్నాడు. షరతులు ముందే చెప్పాడు. అరవకూడదు, కరవకూడదు, సూదిమందు వేయించాలి, లిఫ్ట్ ఎక్కితే పక్కన ఎవరో ఒకరు తోడుండాలి. ఇల్లాలికి చిన్నప్పటి నుంచీ కుక్కపిల్లంటే ప్రాణం. పుట్టింట్లో నాన్న వద్దన్నాడు, హాస్టల్లో వార్డెన్ వద్దంది, పెళ్ళయ్యాక అద్దె ఇళ్ళవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు వద్దన్నారు. ఇన్నేళ్ళకు ఒకటి ఒళ్ళోకి వచ్చి పడుకుంది. దాన్ని మళ్ళీ తీసుకెళ్ళి ఇచ్చేయాల్సి వస్తుందేమోనన్న ఊహకే ఆమెకు పొద్దుటి నుంచి ముద్ద దిగడం లేదు.

"సెక్రటరీ గారు వచ్చి వెళ్ళేదాకా ఏ హడావుడీ పెట్టకండి. ఇది వెళ్ళిపోతే ఇంకోటి తెచ్చుకునే ఓపిక నాకు లేదండీ," అంది.

"అందుకే మాక్ డ్రిల్ పెడుతున్నా. ఆయన కళ్ళముందు ఏదీ మొదటిసారి జరక్కూడదు," అన్నాడు ఆయన.

మటన్ కొట్టు నుంచి రెండు ఎముకలు తెచ్చాడు. ఒకటి కుక్కపిల్లకు, ఒకటి డ్రిల్లుకు. కొట్టువాడు అలవాటు కొద్దీ కత్తి ఎత్తితే, ముక్కలు చేయొద్దని ఈయన చెయ్యి అడ్డం పెట్టబోయాడట. ఇన్నేళ్ళలో ఆయన తెచ్చుకోబోయిన ప్రమాదం అదొక్కటే.

డ్రిల్లులో కుక్కపిల్ల వేషం బావమరిదిది. అతను ఇల్లాలి తమ్ముడు. ఉద్యోగం వెతుక్కోవడానికని వచ్చి, సోఫా దొరకగానే వెతకడం మానేశాడు. ఉచిత భోజనానికి బదులుగా ఆ ఇంట్లో జరిగే డ్రిల్లులన్నింటిలోనూ బాధితుడు అతనే.

"నేనెందుకు బావా, దిండు పెట్టుకో," అన్నాడు.

"దిండు గుర్రుమంటుందా?"

బావమరిది సోఫా దిగాడు. పోయినసారి గ్యాస్ లీకు డ్రిల్లులో స్పృహ తప్పినవాడి వేషం వేసి, "ఇక చాల్లే, లే" అని బావ అనగానే లేచి కూర్చున్నాడు. అది పరీక్ష అట. పొడుగు విజిల్ వేస్తేనే డ్రిల్లు అయినట్టని, నోటిమాట నమ్మకూడదని ఆ తర్వాత కంచం ముందు కూర్చున్నప్పుడల్లా క్లాసు పీకించుకున్నాడు. ఈసారి ప్రాణం పోయినా విజిల్ దాకా లేవకూడదని ఒట్టు పెట్టుకున్నాడు.

నేల కడగడానికి వీలని డ్రిల్లు బాల్కనీలో పెట్టారు. ఏదైనా జరిగితే బయటపడే దారి మూసి ఉండకూడదని వీధి తలుపు బార్లా తెరిచారు. ఆయన నెత్తిన హెల్మెట్, చేతులకు రబ్బరు గ్లౌజులు, మెడలో విజిల్. బావమరిది నాలుగు కాళ్ళ మీద. ఎముకను పల్చటి ప్లాస్టిక్ కాగితంలో చుట్టి అతని నోటికి అందించారు, ఎందుకంటే బావమరిది ఆరోగ్యం కూడా ఆయన పూచీయే. ఆ కాగితం దగ్గరున్నవాళ్ళకు మాత్రమే కనిపిస్తుంది.

ఎదురు బాల్కనీలో మొక్కలకు నీళ్ళు పోస్తున్న రిటైర్డ్ హెడ్‌మిస్ట్రెస్ గారు దగ్గర లేరు. ఆవిడకు కనిపించిందల్లా పచ్చి ఎముకను పళ్ళతో కరుచుకుని గుర్రుమంటున్న ఒక యువకుడు, అతని చుట్టూ హెల్మెట్ పెట్టుకుని తిరుగుతున్న అతని బావ. నీళ్ళు తొట్టి దాటి కాళ్ళ మీద పడేదాకా చూసి, లోపలికెళ్ళి వాచ్‌మన్‌కు ఫోన్ చేశారు. కనిపించింది కనిపించినట్టే చెప్పారు, ఆవిడ అబద్ధమాడే మనిషి కాదు. ఆ ఇంట్లోకి కొత్తగా కుక్కపిల్ల వచ్చిందన్న ముక్కను వాచ్‌మన్ దానికి కలిపి సెక్రటరీ చెవిన వేశాడు. రెండూ కలిపి చూసుకున్న సెక్రటరీకి గుండె జారిపోయింది. కుక్కపిల్ల కరిచింది, కుర్రాడు కుక్కైపోయాడు.

సెక్రటరీ మంచం మీది దుప్పటి లాగి భుజాన వేసుకున్నాడు. వాచ్‌మన్ కర్ర తీసుకున్నాడు. డాక్టరుంటే మంచిదని రెండో అంతస్తు డాక్టరును కూడా వెంటబెట్టుకున్నారు. ఆయన పళ్ళ డాక్టరు. తన పరిధిలోకి రాదని చెప్పబోయాడు గానీ, పళ్ళతోనే కదా కరిచేది అని సెక్రటరీ అడిగేసరికి కాదనలేకపోయాడు.

తలుపు తెరిచే ఉంది కనుక ముగ్గురూ నేరుగా బాల్కనీ దాకా వచ్చేశారు. సరిగ్గా అప్పుడే డ్రిల్లులో "ఎముక కొరుకుతుండగా కొత్త మనిషి రాక" అన్న ఘట్టం మొదలైంది. ఆ కొత్త మనిషి వేషం బావే వేయాలి. ఏకంగా ముగ్గురు బయటివాళ్ళను దింపాడంటే బావ ఈసారి ఘనంగా ఏర్పాట్లు చేశాడని బావమరిది ముచ్చటపడ్డాడు. అందుకు తగ్గట్టే తన పని తను చేయాలనుకుని, ఎముక వదిలేసి సెక్రటరీ ప్యాంటు అంచు పట్టుకున్నాడు.

సెక్రటరీని చూడగానే సేఫ్టీ ఆఫీసరుకు కొంప మునిగిందని అర్థమైంది. కంగారుగా విజిల్ అందుకోబోతే, రబ్బరు గ్లౌజుకు తాడు చుట్టుకుని తెగి, విజిల్ పిట్టగోడ దాటి కిందపడింది.

"డ్రిల్ అయిపోయిందిరా, లే," అన్నాడు.

బావమరిది పళ్ళు ఇంకాస్త బిగించాడు. ఈ పరీక్షలు అతనికి కొత్తా?

"నిజంగానే అయిపోయిందిరా, నా మాట విను. సెక్రటరీ గారు ఆయన."

సెక్రటరీ దుప్పటి విసిరాడు. అది పళ్ళ డాక్టరు మీద పడింది. దుప్పటి లోపలి నుంచి పళ్ళ డాక్టరు, గాయమైతే సబ్బుతో కడగాలని పదే పదే చెబుతున్నాడు. ప్యాంటు చిరుగుతున్న చప్పుడు వినిపించింది. వాచ్‌మన్‌కు చేతిలో కర్ర ఉన్న సంగతి కూడా గుర్తుకు రాలేదు. జనాన్ని పిలుద్దామని జేబులోంచి తన విజిల్ తీసి, ఊపిరున్నంతసేపూ ఊదాడు.

బావమరిది ప్యాంటు వదిలేశాడు. లేచి నిలబడ్డాడు. మోకాళ్ళు దులుపుకుని రెండు చేతులూ జోడించాడు.

"నమస్కారమండీ. కూర్చోండి, మంచినీళ్ళు తెస్తాను," అన్నాడు.

అంతసేపూ తట్టుకున్న సెక్రటరీ ఈ మర్యాదకు తట్టుకోలేకపోయాడు. వెనక్కి వెనక్కి నడుచుకుంటూ హాలు దాటి, వంటగది గుమ్మంలో ఉన్న స్టూలు మీద కూలబడ్డాడు. అక్కడి నుంచి అతనికి వంటగది లోపలంతా కనిపించింది.

ఇల్లాలు నేల మీద కూర్చుని ఉంది. బాల్కనీలో మీటింగు మొదలవగానే ఆమె కుక్కపిల్లకు రోజూ పెట్టే తిండి పెట్టేసింది. అది తిన్నాక చాప పరిచి, రెండో ఎముక ముందుంచి, పక్కనే కూర్చుంది. ఎముక కుక్కపిల్ల తల కన్నా పెద్దది. కుక్కపిల్ల దాన్ని ముందుకాళ్ళతో పట్టుకుని, ఇంట్లో ఇంత రభస జరుగుతున్నా నిమ్మకు నీరెత్తినట్టు మాంసం పీక్కుంటోంది. సెక్రటరీ చూస్తుండగానే ఆమె గడియారం వంక చూసి, ఒక మాంసం తునక చేత్తో చూపించింది. కుక్కపిల్ల ఎముక వదిలేసి వచ్చి తునక తీసుకుంది. ఆమె ఎముకను డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో సర్దింది, చాప తీసి నేల కడిగింది, సబ్బుతో చేతులు కడుక్కుంది. అప్పుడు గానీ గుమ్మంలో మనిషి ఉన్నట్టు చూడలేదు. చిరిగిన ప్యాంటు చూడగానే ఆమె మొహం పాలిపోయింది.

"మీకు దణ్ణం పెడతాను, దీన్ని మాత్రం పంపించకండి," అంది. కళ్ళనీళ్ళు దాచుకోవడానికి కూడా ప్రయత్నించలేదు.

కుక్కపిల్ల వచ్చి సెక్రటరీ చిరిగిన ప్యాంటు అంచు వాసన చూసి, అతని చెప్పు మీద గడ్డం ఆనించి నిద్రపోయింది. వెనక హాల్లో సేఫ్టీ ఆఫీసరు హెల్మెట్ చేత్తో పట్టుకుని, జరిగిందంతా మొదటి నుంచీ పళ్ళ డాక్టరుకు చెబుతున్నాడు. బావమరిది నిజంగానే మంచినీళ్ళు తెచ్చాడు. ఆ గ్లాసు ఎవరూ ముట్టుకోలేదు.

"ఈ ఇంట్లో అరవనిదీ కరవనిదీ ఇదొక్కటేనమ్మా. దీన్నెందుకు పంపిస్తాను?" అన్నాడు సెక్రటరీ. తర్వాత గొంతు సవరించుకుని, షరతులు మాత్రం షరతులేనని, వాటిని తను ఎవరికోసమూ సడలించనని, అయితే అవి ఎవరికి పెట్టాలన్న విషయంలో ఇప్పటిదాకా పొరబడ్డానని చెప్పి వెళ్ళిపోయాడు.

మర్నాటి నుంచి బావమరిది లిఫ్ట్ ఎక్కినప్పుడల్లా పక్కన ఎవరో ఒకరు తోడుంటున్నారు. ఎక్కువగా కుక్కపిల్లే.