నాలుక కింద రెండు చుక్కలు

హెంప్ నూనెతో ఒళ్లు తగ్గుతుందా అని ఇంకా అనుమానపడే పాఠకులారా, మీ మీద నాకు జాలేస్తోంది! సైబరాబాద్ అద్దాల మేడలన్నీ నమ్మిన సంగతిని మీరొక్కరే నమ్మరు. గంజాయి కుటుంబంలో పుట్టినా మత్తెక్కించని బుద్ధిమంతురాలట ఆ మొక్క. దాని నుంచి తీసిన సీబీడీ అనే రసం చుక్కలు రెండు నాలుక కింద వేసుకుంటే ఆకలి అణుగుతుందట, కొవ్వు కరుగుతుందట, నడుము తనంతట తానే లోపలికి పోతుందట. కుర్చీలోంచి లేవనక్కర్లేదు. కూర్చున్న మనిషి కూర్చున్నట్టే సన్నబడే ఉపాయం వరం కాక మరేమిటి?

నమ్మకం కుదరకపోతే మధుకర్ కథ వినండి.

మధుకర్ నానక్‌రామ్‌గూడకు ఉద్యోగం కోసం వచ్చినవాడు కాదు, అక్కడే పుట్టినవాడు. వాళ్ల తాత జొన్న వేసిన చెలకలోనే ఇప్పుడు అతని ఆఫీసు లేచింది. తాత పొద్దంతా ఆ నేల మీద నడిచేవాడు. మనవడు అదే నేల మీద, పద్నాలుగో అంతస్తులో, పొద్దంతా కూర్చుంటాడు. దీన్నే అభివృద్ధి అంటారు.

ఆ ఆఫీసుకు ఉద్యోగుల ఆరోగ్యం పట్టదంటే కళ్లు పోతాయి! పొద్దున్నే నిలబడి చేయాల్సిన స్టాండప్ మీటింగ్ ఉంటుంది, అందరూ కూర్చునే చేస్తారు. జిమ్ ఉంది, ట్రెడ్‌మిల్ మీద పాత మానిటర్ల అట్టపెట్టెలు పేర్చి ఉంటాయి. మెట్లున్నాయి, తలుపు తోస్తే అలారం మోగి సెక్యూరిటీవాళ్లు పరుగెత్తుకొస్తారు. బిస్కెట్లు, కూల్‌డ్రింకులు మాత్రం అడుగడుగునా ఉచితం. ఇన్ని ఏర్పాట్ల మధ్య మధుకర్ పొట్ట ఏపుగా పెరిగింది. బూట్ల లేసులు కట్టుకోవాలంటే ఊపిరి బిగబట్టాల్సి వచ్చేది.

ఆ పొట్టతో అతనికి పేచీ ఏమీ లేదు. ఆషాఢంలో రాబోయే బోనాలతోనే చిక్కొచ్చి పడింది. మైసమ్మ బోనాల ముందు అమ్మవారి తమ్ముడు పోతరాజుగా ఆడే వంతు వాళ్ల ఇంటిది. ఒళ్లంతా పసుపు, కాళ్లకు గజ్జెలు, చేతిలో కొరడా. ఇంటి నుంచి గుడి దాకా డప్పులకు ఆగకుండా ఆడాలి. ఇన్నేళ్లూ తండ్రి ఎల్లేశం ఆడాడు. మోకాళ్లు అరిగిపోయి, ఇక నావల్ల కాదన్నాడు. ఇప్పుడు కొడుకు ఆడాలి. ఆడలేకపోతే కొరడా పెద్దనాన్న కొడుకు తిరుపతి చేతికి పోతుంది. అలా పోయిన వంతు తిరిగి వచ్చిన ఇల్లు ఆ బస్తీలో లేదు.

ఉగాది పోగానే ఎల్లేశం కొడుకును వాకిట్లో ఆడించి చూశాడు. రెండు చుట్లు తిరిగాడో లేదో, మధుకర్ గోడ పట్టుకుని రొప్పడం మొదలుపెట్టాడు.

“ఏంది కొడుకా గిట్ల? నిన్ను జూస్తే అమ్మోరే పరేషానయితది,” అన్నాడు ఎల్లేశం. నవ్వుతూనే అన్నాడు గానీ, లోపలికి వెళ్లి గజ్జెలు ఒళ్లో పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు. అది చూసి మధుకర్‌కు ఏడుపొచ్చినంత పనైంది.

మర్నాడు మేనేజర్ సురేంద్రను అడిగాడు, సాయంత్రం పూట ఒక్క అరగంట నడిచొస్తానని.

“అరగంటా అండి? ఎవరు కవర్ చేస్తారండి? మీ హెల్త్ ముఖ్యమే, నేను కాదనను. వీకెండ్‌లో చూసుకోండి.”

వీకెండ్‌లో సాఫ్ట్‌వేర్ రిలీజ్ ఉంటుంది, సీటు వదలడానికి ఉండదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

సరిగ్గా అప్పుడు ఆ నూనె దిగివచ్చింది! కంపెనీ వెల్‌నెస్ మాసం ప్రకటించింది. ఆదర్శ్ అనే కోచ్ వచ్చి మనిషికొక గోధుమ రంగు సీసా పంచాడు. దాంతోపాటు ఒక ప్రోటోకాల్ చెప్పాడు. రెండు చుక్కలు నాలుక కింద వేసుకోవాలి. నోరు మూసుకోవాలి. అరగంట దాకా మాటలు వద్దు, స్క్రీన్ వద్దు, ఫోన్ వద్దు. ఒళ్లు ఆ నూనెను ప్రశాంతంగా పీల్చుకోవాలట. పై నుంచి మెయిల్ కూడా వచ్చింది. ప్రోటోకాల్ అన్న మాట చెవిన పడగానే సురేంద్ర కుర్చీలో సర్దుకుని కూర్చున్నాడు.

సీసా ఇంటికి తెస్తే ఎల్లేశం వాసన చూసి హడలిపోయాడు.

“గంజాయి నూనెనా? పోలీసోళ్లు పట్టుకపోతరు రా!”

“గంజాయి గాదు నాయినా, దాని చుట్టం. ఆఫీసోళ్లే ఇచ్చిండ్రు.”

“అన్నం తిననీకి టైమియ్యనోళ్లు నూనె ఇచ్చిండ్రా?” అంది మధుకర్ భార్య కళ్యాణి. ఇలాంటి మాటలు నాలాంటి విశ్వాసులు చెవిన వేసుకోకూడదు.

మొదటి నెల నూనె మహిమ బ్రహ్మాండంగా కనబడింది. మధుకర్ చుక్కలు వేసుకుని బీన్‌బ్యాగ్‌లో కూలబడేవాడు. కమ్మగా నిద్రపట్టేది. లేచాక ఆవురావురుమంటూ ఆకలి వేసేది, క్యాంటీన్‌లో మిర్చి బజ్జీలు వేడిగా ఉండేవి. నెలాఖరుకు బరువు పెరిగాడు. మీ ఒళ్లు ఇప్పుడిప్పుడే నూనెను అర్థం చేసుకుంటోంది అన్నాడు ఆదర్శ్. ఎంత లోతైన మాట! చదువుకున్నవాళ్లంతా తలలూపారు.

ఒకరోజు బీన్‌బ్యాగులన్నీ నిండిపోయాయి. కూర్చునే చోటు దొరక్క మధుకర్ లిఫ్ట్ వైపు నడిచాడు. సురేంద్ర ఎదురొచ్చి, “మధుకర్ గారూ, ఒక్క చిన్న డౌట్ అండి,” అని మొదలుపెట్టాడు. మధుకర్ వేలితో తన మూసిన నోరు చూపించాడు.

“అయ్యో, సారీ అండి!” అంటూ సురేంద్ర పక్కకు తప్పుకున్నాడు.

సురేంద్ర నోట సారీ! మధుకర్ నమ్మలేకపోయాడు. కిందికి దిగి, టవర్ వెనక పాత గల్లీలోకి నడిచి, మైసమ్మ గుడి దాకా వెళ్లాడు. అక్కడ అరుగు మీద ఎల్లేశం కూర్చుని ఉన్నాడు. కొడుకు మూసిన నోటినీ, మెడలో వేలాడే ఆఫీసు బ్యాడ్జినీ చూసి సంగతేమిటని అడగలేదు. పక్కనున్న ఖాళీ రేకు డబ్బా దగ్గరికి లాక్కుని దరువు మొదలుపెట్టాడు. మధుకర్ ప్యాంటు పైకి మడిచి అడుగు వేశాడు.

“మోకాలు ఇంక జర లేపు. ఆఁ, గట్ల!”

అది రోజూ జరిగే పని అయింది. చుక్కలు వేసుకోవడం, నోరు చూపించడం, గుడికి పోవడం. నోరు మూసి ఉంది కాబట్టి బజ్జీ లోపలికి పోదు. ఫోన్‌లోకి మాట పోదు. ఈలోగా సీసా అయిపోయింది. కొత్త సీసా కొనుక్కోవాలంటే దాని ధర చూసి కళ్యాణి దండం పెట్టి, ఇంట్లో పల్లి నూనె పాత సీసా నిండా పోసి ఇచ్చింది. మధుకర్ ఆ చుక్కలే వేసుకున్నాడు. రుచి కూడా మెరుగైంది.

పొట్ట తగ్గింది! బెల్టుకు కొత్త బెజ్జం పడింది. ఆదర్శ్ ఆనందం పట్టలేక మధుకర్‌ను టౌన్‌హాల్ మీటింగ్‌లో వేదిక ఎక్కించి, నాటి ఫొటో, నేటి ఫొటో తెర మీద పక్కపక్కన వేశాడు. ఈ అద్భుతం ఎలా జరిగిందో చెప్పమన్నాడు. మధుకర్ వేలితో నోరు చూపించాడు. హాలంతా చప్పట్లు కొట్టింది.

అంత విజయం చూశాక యాజమాన్యం ఊరుకుంటుందా? ఇంత మంచి నూనెకు అరగంట ఎందుకు ఖర్చవుతోందని ఆలోచించింది. ఆషాఢం ఇంకా రాకముందే చుక్కలు పోయి గమ్మీలు వచ్చాయి. అదే హెంప్, అదే సీబీడీ, తియ్యగా నమలడమే. నోరు మూయక్కర్లేదు, స్క్రీన్ ఆపక్కర్లేదు. మీటింగ్‌లో మాట్లాడుతూనే సన్నబడవచ్చు. సైన్సు ఎంత దూరం వెళ్లిందో చూశారా!

“నాకు చుక్కలే పడతాయి సార్,” అన్నాడు మధుకర్.

“గమ్మీలు ఇంకా బాగుంటాయండి. సీట్లోనే అయిపోతుంది.”

“పోనీ బోనాల ఆదివారం సెలవైనా కావాలి సార్. ఈసారి పోతరాజు నేనే.”

“ఆ రోజు రిలీజ్ కదండీ. పండగ చేసుకోండి, లాప్‌టాప్ దగ్గర పెట్టుకోండి.”

పసుపు పూసుకుని, వేప మండలు కట్టుకుని, కొరడా ఝళిపించే మనిషి లాప్‌టాప్ ఎక్కడ పెట్టుకోవాలో సురేంద్ర చెప్పలేదు. ఆ రోజు నుంచి మధుకర్ కుర్చీలోనే గమ్మీలు నమిలాడు. గుడి దగ్గర డబ్బా మోగడం మానేసింది. పొట్ట మళ్లీ చొక్కా గుండీల మధ్య నుంచి తొంగిచూసింది. తిరుపతి గజ్జెలు తోమించుకున్నాడని బస్తీలో అనుకున్నారు.

బోనాల ఆదివారం వచ్చింది. ఎల్లేశం గోధుమ సీసాలో మిగిలిన పల్లి నూనెను పసుపులో కలిపి కొడుకు ఒంటికి తానే రాశాడు. డప్పులు లేచాయి. మధుకర్ ఆడాడు. గల్లీ దాటాడు, మలుపు తిరిగాడు. తన ఆఫీసు గేటు ముందుకు వచ్చేసరికి మాత్రం ఊపిరి అందలేదు. కాళ్లు బరువెక్కాయి. వెనకాల తిరుపతి, కాళ్లకు గజ్జెలు కట్టుకునే, ఒక్కో అడుగూ ముందుకు వస్తున్నాడు.

అప్పుడే ఎల్లేశం జేబులో మధుకర్ ఫోన్ మోగింది. మధుకర్ అడుగు తడబడింది. ఏళ్ల అలవాటు, చెయ్యి దానంతటదే ఫోన్ కోసం ముందుకు సాగింది. ఎల్లేశం ఆ చేతిని పక్కకు తోసి ఫోన్ తన చెవి దగ్గర పెట్టుకున్నాడు.

“మధుకర్ గారా? సర్వర్ పడిపోయిందండి! వెంటనే లాగిన్ అవ్వాలి!”

“నేను వాని నాయినను సార్. వాడు మాట్లాడడు.”

“ఒక్క నిమిషం ఇవ్వండి సార్, ప్లీజ్!”

“ఎట్లిస్త సార్? ఇప్పుడే నాలిక కింద చుక్కలేసుకున్నడు. అర్ధగంట నోరు తెర్వొద్దట. మీ పోటోకాలే గద!”

“సారీ అండి,” అన్నాడు సురేంద్ర. “అరగంటాగి చేస్తాను.”

మధుకర్ తండ్రి మాటలన్నీ విన్నాడు. పద్నాలుగో అంతస్తు వైపు చూసి గొంతు చించుకుని అరిచాడు, కొరడా తిప్పాడు, నవ్వు ఆపుకోలేక ఆడాడు. ఊపిరి ఎక్కడి నుంచి వచ్చిందో గానీ గుడి దాకా ఆగలేదు. తిరుపతి గుడి మెట్ల మీద కూర్చుని గజ్జెలు విప్పుకున్నాడు.

ఇప్పుడు చెప్పండి, నూనెను తక్కువ చేసిన పెద్దమనుషులారా! మనిషి నోరు తెరిచి అడిగితే దొరకలేదు. మైసమ్మ పేరు చెప్పి అడిగినా దొరకలేదు. సీసా పేరు చెప్పగానే అరగంట చేతికొచ్చింది, పైగా సారీతో సహా. ఇంతకంటే మహిమ గల మందు ఉంటుందా?

అరగంట కాగానే ఫోన్ మళ్లీ మోగింది. ఎల్లేశం కొడుకు వైపు చూశాడు. కొడుకు గుడి అరుగు మీద వెల్లకిలా పడుకుని, పసుపు చెమటలో తడిసి, ఆకాశంలోకి చూస్తూ నవ్వుతున్నాడు.

“ఇగో, ఇంక రెండు చుక్కలేసిన సార్,” అన్నాడు ఎల్లేశం.