బ్యాటరీ దిగకుండా

రెండో వీధి చివరి ఇంటి ముందు నిలిపి ఉన్న ఎర్ర మోటార్ సైకిల్ దూర ప్రయాణానికి సర్వసన్నద్ధంగా ఉన్నదని ఇందుమూలంగా కాలనీవాసులందరికీ తెలియజేయడమైనది. ఇంకా సన్నద్ధం చేద్దామన్నా దాని మీద ఇక చోటు లేదు. ఇంతకీ ఎక్కడికైనా వెళ్లిందా అని అడగడం మర్యాద కాదు. సన్నద్ధత వేరు, వెళ్లడం వేరు. ఆ తేడా తెలియనివాళ్లే బస్సుల్లో పడి తిరుగుతుంటారు.

బండి యజమాని ఒక బీమా కంపెనీలో ప్రమాదాల విభాగం అధికారి. ఊళ్లోవాళ్ల బండ్లు ఎక్కడెక్కడ ఎలా పడ్డాయో రోజంతా చదివి, సంతకాలు పెట్టి, సాయంత్రం తన బండెక్కి ఇంటికొస్తాడు. అది రేసుల్లో పరిగెత్తే జాతి బండి. ఎక్కినవాడు ట్యాంకు మీద బోర్లా పడుకుని, మోకాళ్లు చెవుల దాకా ముడుచుకుని, గడ్డం మాత్రం పైకెత్తి రోడ్డు చూడాలి. కొన్న రోజే స్నేహితులు అతనికి రాకెట్ అని పేరు పెట్టేశారు. ఇంటికీ ఆఫీసుకీ మధ్య ఎక్కడ చూసినా సిగ్నళ్లే కాబట్టి రాకెట్ ఏనాడూ మూడో గేరు దాటిన పాపాన పోలేదు.

అతనికి జీవితంలో ఒకటే కోరిక. భార్యను వెనక కూర్చోబెట్టుకుని ఆ బండి మీద సముద్రం చూడటానికి వెళ్లాలి. తెల్లవారి బయల్దేరితే చీకటి పడేలోగా చేరే దూరం. పెళ్లికి ముందే ఆమెకు మాటిచ్చాడు. ఆమె ఆసుపత్రి ల్యాబులో రక్తపరీక్షలు చేస్తుంది. చేతికి రిపోర్టు వస్తే తప్ప దేన్నీ నమ్మని మనిషి, ఆ ఒక్క మాట మాత్రం నమ్మింది.

ఒక ఆదివారం ఇద్దరూ బయల్దేరారు కూడా. ఊరి చివర పెట్రోలు బంకు దగ్గరికి వెళ్లేసరికి రాకెట్ నడుం పట్టేసింది. దిగాడు కానీ నిటారుగా నిలబడలేకపోయాడు. వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు. బండిని ట్రాలీ ఆటోలో ఎక్కించి, దాని పక్కనే నిలబడి ఇంటికొస్తుంటే కాలనీలో ఎదురుపడినవాళ్లంతా అతని వినయానికి ముచ్చటపడ్డారు. ఆఫీసరయ్యాక కూడా ఎంత అణకువో చూడండి అని పక్కింటావిడ తన కొడుక్కి చూపించి మరీ చెప్పింది.

భార్య నడుముకి మందు రాస్తూ అంది: "బస్సులో వెళ్దామండీ. సముద్రం బస్సులో వచ్చినవాళ్లకి కనిపించదా ఏంటి?"

రాకెట్ మనసు చివుక్కుమంది. ఆ వారమే వెళ్లి సుదూర యాత్రికుల సంఘంలో సభ్యుడిగా చేరాడు.

ఈ సంఘం గురించి రెండు మాటలు చెప్పుకోకపోతే అన్యాయమవుతుంది. సభ్యులంతా కాలనీలో పెద్ద పెద్ద బండ్లున్నవాళ్లు. ప్రతి ఆదివారం ఒక కాఫీ షాపులో మెత్తటి సోఫాల మీద సమావేశమై, దూరం వెళ్లడానికి ఏమేం కావాలో చర్చిస్తారు. అధ్యక్షుడు పళ్ల డాక్టరు. సంఘం పుట్టినప్పటి నుంచీ ఆయన బండి సిద్ధమవుతూనే ఉంది. కొత్త సభ్యుడికి స్వాగతం పలుకుతూ ఆయన లేచి గొంతు సవరించుకున్నాడు.

"మిత్రులారా! రోడ్డు మీదికి ఎవరైనా వెళ్తారు. లారీ వెళ్తుంది, గేదె కూడా వెళ్తుంది. కానీ సుఖంగా వెళ్లేవాడే యాత్రికుడు! సుఖం సిద్ధం కాకముందే బయల్దేరడం రోడ్డుని అవమానించడం. మన సంఘంలో ఇంతవరకూ ఏ ఒక్కరూ ఆ తప్పు చేయలేదని సగర్వంగా మనవి చేస్తున్నాను!"

చప్పట్లు మారుమోగాయి. రాకెట్ కళ్లు చెమర్చాయి. ఇన్నాళ్లకి తన బాధ అర్థం చేసుకునేవాళ్లు దొరికారు.

సంఘం సలహా మేరకు మొదట సీటు మార్చాలని తీర్మానమైంది. సీట్లు కుట్టే మేస్త్రీ బండి చుట్టూ ఒకసారి తిరిగి చూసి తన పద్ధతి చెప్పాడు. లోపల మెత్తని స్పాంజి వేస్తాడట. మనిషి దాని మీద గంటల తరబడి కూర్చోవాలట. ఎక్కడ దిగితే అక్కడ పెంచి, ఎక్కడ గుచ్చుకుంటే అక్కడ కోసి, మళ్లీ కూర్చోబెట్టి, అలా నాలుగైదు రోజులు చేస్తే గానీ సీటు ఒంటికి అతకదట.

చిక్కంతా ఇక్కడే వచ్చింది. రాకెట్‌కి సెలవుల్లేవు. అంటే ఉన్నాయి, కానీ అవన్నీ సముద్రం కోసం దాచినవి. టూరు కోసం దాచిన సెలవుని టూరు పనికి వాడితే ఇక టూరుకి ఏం మిగులుతుంది? బీమా కంపెనీలో పనిచేసే మనిషి కాబట్టి అతనికి ఇది వెంటనే అర్థమైంది. రాత్రి భోజనాల దగ్గర తండ్రి వంక చూశాడు.

"నాన్నా, ఎలాగూ ఇంట్లో ఖాళీగానే ఉంటావు కదా. నీదీ నాదీ ఒకటే నడుం. నా బదులు నువ్వెళ్లి కూర్చోకూడదూ?"

"ఒకటే నడుం ఏంట్రా, నాదే నీకొచ్చింది," అన్నాడు తండ్రి. "అలాగే వెళ్తాలే."

ఆ తండ్రి ఉద్యోగమంతా ఒక పెద్ద ఆఫీసు భవనంలో లిఫ్టు నడిపాడు. ఆయన చేసిన ప్రయాణం తక్కువదేమీ కాదు, కాకపోతే అంతా పైకీ కిందికే. చిన్న స్టూలు మీద కూర్చుని కూర్చుని నడుం పాడైంది. రిటైరయ్యాక ఇంట్లో ఏ కుర్చీలోనూ ఇమడలేక గోడకి ఆనుకుని నిలబడే పేపరు చదువుకునేవాడు. రాకెట్ తల్లి ప్రయాణాల విషయంలో భర్తని ఎప్పుడూ వెనకేసుకొచ్చేది. "నన్ను తొమ్మిదో అంతస్తు దాకా తీసుకెళ్లారమ్మా. ఆ పైన నీళ్ల ట్యాంకు ఉంది కాబట్టి ఆగారు గానీ, లేకపోతే ఇంకా పైకి తీసుకెళ్లేవారే!" అని కోడలితో చెప్పి పకపకా నవ్వేది.

తండ్రి షాపుకెళ్లి, స్టాండు వేసిన బండి మీద కూర్చున్నాడు. మేస్త్రీ కోశాడు, పెంచాడు. నాలుగో రోజు సాయంత్రం తండ్రి బండి దిగి, రెండడుగులు వేసి, ఆగిపోయాడు. నడుం నొప్పి లేదు. మళ్లీ ఎక్కి చూశాడు. లేదు. "మేస్త్రీ, ఇంకో గంట కూర్చోనా?" అని చిన్నపిల్లాడిలా అడిగాడు.

సీటు తర్వాత వెనక సీటుకి వీపు ఆనించుకునే దిండు బిగించాల్సి వచ్చింది. కోడలికి ల్యాబులో షిఫ్టులు. అందుకని కొలతకి అత్తగారు వెళ్లింది. హ్యాండిల్ ఎత్తు పెంచారు, తండ్రి చేతులకి అందేలా. కాళ్లు పెట్టుకునే కడ్డీలు కిందికి దించారు, తండ్రి మోకాళ్లకి నొప్పి రాకుండా. ముందు గాలికి అడ్డంగా అద్దం బిగించారు, సరిగ్గా తండ్రి నుదుటి దాకా. ప్రతి రోజూ ఆ ఇద్దరూ ఫ్లాస్కులో టీ పోసుకుని, టిఫిన్ డబ్బా పట్టుకుని షాపుకెళ్లి, బండెక్కి, ఎదురుగా ఉన్న వెల్లగోడ వైపు చూస్తూ సాయంత్రం దాకా ప్రయాణం చేసేవాళ్లు. షాపువాళ్లు కూడా అలవాటుపడిపోయి, వాళ్లకి అడ్డం రాకుండా పక్కనుంచి తిరిగి వెళ్లేవాళ్లు.

"ఏవండీ, ఆ గోడ బదులు అక్కడ సముద్రం ఉంటే ఎంత బాగుండేదో!" అంది ఒకరోజు తల్లి.

"ఉంటుంది. అది మనవాడి సముద్రం," అన్నాడు తండ్రి. ఆమె ఫ్లాస్కు మూత తీసి టీ పోసింది.

బిగించినవన్నీ రోడ్డు మీద నడిపి చూడాలని మేస్త్రీ అన్నాడు. రాకెట్‌కి ఆ వారం ఆడిట్. కాబట్టి అదీ తండ్రే చూశాడు. వయసులో ఉండగా డ్యూటీకి మోటార్ సైకిలు మీదే వెళ్లిన మనిషి, లైసెన్సు ఇంకా చెల్లుతోంది. మొదట షాపు వీధిలో, తర్వాత పెద్ద రోడ్డు మీద నడిపి చూసి, సాయంత్రం కొడుక్కి వివరంగా చెప్పేవాడు. రాకెట్ అవన్నీ ఫోనులో ఎక్కించుకుని ఆదివారం సంఘంలో చదివేవాడు. సీటు గురించి అతను ఎంత అనుభవంతో మాట్లాడుతున్నాడో చూసి సభ్యులు ముక్కున వేలేసుకునేవాళ్లు.

బయల్దేరే రోజు రానే వచ్చింది. కాలనీ గేటు దగ్గర రిబ్బను కట్టారు. రాకెట్ మోకాళ్లకి, మోచేతులకి, వెన్నుకి రక్షణ కవచాలు తొడుక్కుని వచ్చాడు. భార్య కొత్త హెల్మెట్ పట్టుకుని పక్కన నిలబడింది, ఆమె ముఖంలో నమ్మకం ఇంకా మిగిలే ఉంది. పళ్ల డాక్టరు మైకు అందుకున్నాడు.

"ఈ బండిని చూడండి! ఇందులో సుఖం కానిది ఏదైనా ఉందా? దీని మీద కూర్చున్నవాడు సముద్రం దాకా ఎందుకు, ఇంకా అవతలికి కూడా వెళ్లగలడు!"

రాకెట్ బండెక్కాడు. తండ్రి నడుం కోసం పెంచిన గుబ్బ వచ్చి సరిగ్గా అతని వెన్నుపూస మీద గుద్దింది. తండ్రి పొట్ట లేని మనిషి. కొడుక్కి ఆఫీసు ఇచ్చిన పొట్ట ఉంది, అది ట్యాంకుకీ హ్యాండిల్‌కీ మధ్య ఇరుక్కుంది. తండ్రి నుదుటికి సరిపోయిన అద్దం అంచు సరిగ్గా అతని కళ్లకడ్డం వచ్చింది. ఆ నడుమూ ఈ నడుమూ ఒకటే కాదని అతనికి అప్పుడే తెలిసొచ్చింది. అయినా భార్యని వెనక ఎక్కించుకుని, రిబ్బను తెంపుకుని ముందుకెళ్లాడు. వీధి మలుపు తిరిగాడు. మలుపు తర్వాత భార్య దిగి అతన్ని నెమ్మదిగా దింపింది. మళ్లీ వినయం.

అధ్యక్షుడు పరిస్థితిని అక్కడికక్కడే సమీక్షించాడు. "బండిలో ఏ లోపమూ లేదు. లోపం మనిషిలో ఉంది. బండికి తగ్గట్టు మనిషిని మార్చుకోవాలి!" అని తేల్చాడు. అందరికీ అది న్యాయంగానే తోచింది. ఆ విధంగా రాకెట్ పొట్ట తగ్గించడానికి ఒకరు, వెన్ను సాగదీయడానికి ఒకరు, వంగడం నేర్పడానికి ఒకరు నియమితులయ్యారు. వంగడం తనకి బాగానే వచ్చని అతను మొత్తుకున్నా ఎవరూ వినిపించుకోలేదు.

భార్య హెల్మెట్‌ని బీరువా మీద పెట్టింది. అదే అతన్ని ఎక్కువ బాధపెట్టింది.

మనిషి తయారయ్యేదాకా బండి ఊరికే నిలబడితే బ్యాటరీ దిగిపోతుంది. ఈ సంగతి సంఘంలో అందరికీ తెలుసు, అందరి బ్యాటరీలూ దిగే ఉన్నాయి. అందుకని రాకెట్ ఆఫీసుకెళ్తూ తండ్రికి పురమాయించాడు: "నాన్నా, రోజూ కాస్త తిప్పుతూ ఉండు. బ్యాటరీ దిగకూడదు."

తండ్రి ఏ పని అప్పగించినా శ్రద్ధగా చేసే మనిషి. మొదటి రోజు కాలనీ చుట్టూ తిప్పాడు. తర్వాత పెట్రోలు బంకు దాకా, ఆ తర్వాత రైలు గేటు అవతలికి. వెనక సీటు కూడా వాడుకలో ఉండాలని తన భార్యని ఎక్కించుకున్నాడు. ఆమె రోజురోజుకీ పెద్ద ఫ్లాస్కు తీస్తోందని కోడలు గమనించింది. గమనించి, తన కొత్త హెల్మెట్ బీరువా మీద నుంచి దించి అత్తగారి తలకి పెట్టి, పట్టీ బిగించింది.

"గట్టిగా ఉందా అత్తయ్యా?"

"సరిగ్గా నాకోసమే చేసినట్టుందే!"

ఆ మర్నాడు పొద్దుపోయాక రాకెట్‌కి ఫోనొచ్చింది. తల్లి.

"చిన్నా, కంగారుపడకు. బ్యాటరీ కోసమని కొంచెం దూరం వచ్చాం."

"ఎంత దూరం అమ్మా?"

ఆమె ఫోను చెవి దగ్గర్నుంచి తీసి గాల్లోకి పట్టుకుంది. అలల చప్పుడు వినిపించింది. ఆ చప్పుడులోనే తల్లి నవ్వు, ఆమె చీర తడిసిందని తండ్రి అరుస్తున్న అరుపు. రాకెట్‌కి ముందు ఒళ్లు మండింది, తర్వాత కడుపు నిండినట్టయింది, ఆఖరికి చిన్నప్పుడు జాతరలో తప్పిపోయినట్టుగా ఏడుపొచ్చింది. అమ్మానాన్నలు తనని వదిలేసి సముద్రానికి వెళ్లిపోయారు.

ఫోను తండ్రి తీసుకున్నాడు. "ఒరేయ్, సీటు అద్భుతం రా! నడుం పూచికపుల్లంత కూడా నొయ్యలేదు. ఇలాగే తీరం వెంబడి ఇంకాస్త తిప్పుకుని వస్తాం. అన్నట్టు నువ్వూ ఒక సీటు చేయించుకో. కొలతకి కావాలంటే చెప్పు, నేనొచ్చి కూర్చుంటా."

ఆ వారం రాకెట్ సముద్రం కోసం దాచిన సెలవులన్నీ పెట్టాడు. పెట్టక తప్పలేదు. గ్యాసు సిలిండరు వచ్చే రోజు ఇంట్లో ఒకరుండాలి, నీళ్లు వదిలినప్పుడు మోటారు వేయాలి, పార్సిళ్లు తీసుకోవాలి. ఇవన్నీ ఇన్నాళ్లూ వాటంతట అవే జరుగుతున్నాయని అతను అనుకున్నాడు. భార్య మొదటి రెండు రోజులూ చూసి, మూడో రోజు బస్సు టికెట్టు తీసుకుని, అత్తమామల దగ్గరికి బయల్దేరింది. "సముద్రం బస్సులో వచ్చినవాళ్లకి కూడా కనిపిస్తుందో లేదో రిపోర్టు పంపిస్తాను," అని చెప్పి మరీ వెళ్లింది. సాయంత్రానికల్లా ఫోటో వచ్చింది. ముగ్గురూ మోకాళ్లలోతు నీళ్లలో ఉన్నారు. వెనక ఒడ్డున ఎర్ర బండి నిలబడి ఉంది.

సుదూర యాత్రికుల సంఘం ఆ ఫోటోను పెద్దది చేయించి కాఫీ షాపు గోడకి తగిలించింది. సంఘం చరిత్రలో సముద్రం చేరిన తొలి బండి అది. యజమానికి శాలువా కప్పారు. "ఇల్లు కదలకుండా, నడుం వంచకుండా గమ్యం చేరిన మహాయాత్రికుడు!" అని పళ్ల డాక్టరు కొనియాడాడు. రాకెట్ కృతజ్ఞతలు చెబుతూ సీటు గురించి గంటసేపు మాట్లాడి, నీళ్లు వదిలే వేళయిందని హడావుడిగా ఇంటికెళ్లిపోయాడు.

ఇప్పుడు కాలనీలో సభ్యులందరి బ్యాటరీలూ నిండుగా ఉన్నాయి. పొద్దున్నే బండ్లు బారులుతీరి వెళ్తుంటే, సభ్యులు గేటు దగ్గర నిలబడి జాగ్రత్త అని చేతులూపి, గ్యాసువాడి కోసం ఇంట్లోకి వెళ్తున్నారు. మీ ఇంట్లో కూడా దూర ప్రయాణానికి సన్నద్ధమవుతున్న బండి ఉంటే, ఒకసారి లేచి పక్కగదిలోకి తొంగిచూడండి. మీ నాన్న అద్దం ముందు నిలబడి హెల్మెట్ పెట్టుకుని చూసుకుంటుంటే ఏమీ అనకండి. తలుపు చప్పుడు కాకుండా దగ్గరికి వేసి, గ్యాసు ఎప్పుడొస్తుందో, మోటారు స్విచ్చి ఎక్కడుందో ఇప్పుడే తెలుసుకుని పెట్టుకోండి.