ఆడి నెల టైమ్ ట్రయల్

ఆడి నెల పుట్టిన మర్నాడే నరేన్‌కి సైకిల్ పిచ్చి పుట్టింది.

ముందురోజు దాకా అతనికున్న పిచ్చి ఒక్కటే, పెళ్ళాం. యామిని కాఫీ కలిపితే ఫోటో, దోసె తిరగేస్తే ఫోటో. దోసె మాడితే ఆ మాడులో కూడా అతనికేదో కళ కనిపించేది. రాజపాళయంలో బ్యాండేజీ బట్ట నేసే కంపెనీ ఆఫీసులో అతని ఉద్యోగం. మధ్యాహ్నం భోజనానికి ఇంటికెళ్ళి, తిరిగి ఆఫీసుకు రావడం మరిచిపోయిన రోజులున్నాయి.

ఇంతలో ఆడి, అంటే తమిళుల ఆషాఢం, వచ్చిపడింది. ఆ నెలంతా కొత్త పెళ్ళికూతురు పుట్టింట్లోనే ఉండాలి. అల్లుడు అత్తవారి గడప తొక్కకూడదు, కోడలు అత్తింటి గడప తొక్కకూడదు. యామిని పుట్టిల్లు సేత్తూరు. బస్సులో నాలుగు పాటలు వినేలోపు వచ్చే ఊరు. అంత దగ్గర్లో పెళ్ళాన్ని పెట్టుకుని నెలంతా ఫోన్లో ముఖం చూడడమంటే, లడ్డూలను అద్దాల బీరువాలో పెట్టి తాళంచెవి అమ్మకిచ్చినట్టు ఉంది నరేన్‌కి.

"రోజంతా ఫోన్లో చూస్తానే ఉండావు కదరా," అంది తల్లి రంగనాయకి.

"సిగ్నల్ సరిగా రాలేదమ్మా."

"వచ్చుంటే ఇంకెంత సేపు చూసుందువో!"

అప్పుడు తట్టింది ఆలోచన. తొక్కకూడనిది గడప. సైకిల్ తొక్కకూడదని ఏ పెద్దలూ చెప్పలేదు!

స్నేహితుడు ఉదయకుమార్ దగ్గర కొత్త రకం రేసు సైకిలొకటి ఉంది. జనవరి ఒకటిన ఒళ్ళు తగ్గిద్దామని కొని, జనవరి మూడు నుంచి దానిమీద తువ్వాళ్ళు ఆరేస్తున్నాడు. నరేన్ అడగ్గానే తువ్వాళ్ళు తీసి సైకిలిచ్చాడు.

"ఇదేమిరా కొత్తగా?" అంది రంగనాయకి.

నరేన్ ఫోన్లో రెండు ముక్కలు చదివిపెట్టుకున్నాడు. "టైమ్ ట్రయల్ అని ఒక పందెమమ్మా. ఒక్కొక్కరినే వదులుతారు. పక్కన ఎవురూ ఉండరు. ఒంటిగా, గడియారంతో పోటీపడి తొక్కాల."

"పక్కన ఎవురూ లేకుండా ఒంటిగానా? ఆడి నెలకు తగిన ఆటే," అందామె, ముఖంలో ఏ భావమూ లేకుండా.

మర్నాడు పొద్దున్నే బయల్దేరాడు. ఆడిలో పడమటి కొండల మీదనుంచి దిగే గాలి సంగతి ఆ ఊరివాళ్ళను అడగాలి. సేత్తూరు వైపు వెళ్ళేవాడిని రాజపాళయానికి తోస్తుంది. నరేన్ పది గజాలు ముందుకు తొక్కితే గాలి ఐదు గజాలు వెనక్కి పంపించేది. ఎలాగో సేత్తూరు చేరి, అత్తవారి కాంపౌండు గోడ దగ్గర దిగేసరికి అతను పెళ్ళికొడుకులా లేడు, పిండకుండా ఆరేసిన పంచెలా ఉన్నాడు.

గోడకు అవతల యామిని చెంబుతో నిలబడి ఉంది.

"ఎవురు మీరు? ఏమి కావాల?"

"దాహం. నీళ్ళు కావాల."

"రాజపాళయంలో కొళాయిలు ఎండిపోయినాయా బావా?"

"నీళ్ళున్నాయి. ఇచ్చే మనిషే ఊళ్ళో లేదు."

ఆమె పకపకా నవ్వింది. ఆ నవ్వుకు నరేన్ తిరుగు దారిలో తొక్కనే లేదు. గాలి వీపున తోస్తుంటే కాళ్ళు చాపుకుని ఇంటిదాకా తేలుతూ వచ్చాడు.

అలా కొన్నాళ్ళు బాగానే సాగింది. ఒకరోజు చెంబు అందుకుంటుండగా వెనక దగ్గు వినిపించింది. మామగారు!

ఆయన పేరు శ్రీరంగరాజా. స్పిన్నింగు మిల్లులో సూపర్‌వైజరుగా చేసి రిటైరయ్యారు. పనివాళ్ళ వేగం కొలవడానికి వాడిన స్టాప్‌వాచీ ఇంకా ఆయన చొక్కా జేబులోనే ఉంటుంది. ఇడ్లీ ఉడికినా, బస్సు ఆగినా, బంధువులు వచ్చి కూర్చున్నా ఆయన టక్కుమని నొక్కుతారు. ఊరంతా ఆయన్ని స్టాప్‌వాచీ రాజా అంటారు.

"ఏమి మాపిళ్ళా, ఇట్లా వచ్చినారు?" అన్నారు. అల్లుణ్ణి మాపిళ్ళ అనడం ఆ ఇంటి మర్యాద.

"చుమ్మా... ఊరికే, టైమ్ ట్రయల్ ప్రాక్టీసు మామా."

ముసలాయన కళ్ళు పెట్రోమాక్సు లైట్లలా వెలిగాయి. "టైమ్ ట్రయలా! అట్లయితే చెప్పండి. అందరికంటే గొప్పవాడు ఎవురు? ఆంకెటిలా, మెర్క్సా?"

నరేన్‌కి అవి తలనొప్పి మాత్రల పేర్లలా వినిపించాయి. పరీక్షలో తెలియని ప్రశ్నకు చేసినట్టే చేశాడు. "రెండోది మామా."

"మెర్క్సా!" శ్రీరంగరాజా గుండె మీద చెయ్యి వేసుకున్నారు. "రాండి. అరుగు మీద కూర్చోండి. అరుగు గడపకు బయటే, దోషం లేదు. ఎట్లా చెప్పినారో చెప్పండి."

ఆ రోజు యామినిని చూసింది చెంబు తిరిగిచ్చేటప్పుడు మాత్రమే.

మామగారికి చిన్నప్పటినుంచీ సైకిల్ పందేల వార్తలంటే ప్రాణం. మాట్లాడడానికి ఊళ్ళో తోడు దొరక్క ఇన్నేళ్ళుగా అంతా కడుపులో దాచుకున్నారు. ఇప్పుడు అల్లుడు దొరికాడు. నరేన్‌కి పరువు సమస్య వచ్చింది. ఆఫీసులో కూర్చుని ఫోన్లో చదవడం మొదలుపెట్టాడు. ముందు భయంతో చదివాడు. తరవాత, పాపం, ఇష్టంతో చదివాడు.

"ఇటలీవాడు గన్నా ఉండాడే, ఆయన ముందు మీ ఆంకెటిల్ ఎంత మామా? గంటలో యాభై ఆరు కిలోమీటర్లు దాటినాడు!"

"ఏ సైకిలు మీద? గాలి సొరంగంలో పెట్టి చెక్కిన సైకిలు మీద. ఆంకెటిల్‌కు ఏముండింది? ఇనుప సైకిలు, దువ్విన క్రాపు. వాణ్ణి ఆడిలో మా సేత్తూరుకు రమ్మనండి, గాలి సొరంగమంటే ఏమో చూపిస్తాం."

"మెర్క్స్ మెక్సికోలో..."

"కొండ మీద ఊరు. గాలి పల్చన. ఆ లెక్కకు నేను కూడా తొక్కుతాను."

"అట్లయితే ఇందురాయిన్?"

"ఆయన మనిషా? ఊపిరితిత్తులకు కాళ్ళు పుట్టినట్టు ఉండాడు. ఆయనను మనుషుల్లో కలపకూడదు."

"కాన్సెలారా? ఒలింపిక్సులో రెండు బంగారాలు!"

"ఇప్పుడు వచ్చినారు దారికి. కాఫీ తాగండి."

ఒక్కొక్క కాలానికి ఒక్కొక్క సైకిలు, ఒక్కొక్క రోడ్డు, ఒక్కొక్క గాలి. తేలేదెప్పుడు? రోజురోజుకీ అల్లుడు ఇంటికి వెళ్ళే వేళ జరిగిపోసాగింది.

రంగనాయకి పట్టేసింది. "ఏమిరా, రోజూ తొక్కితే వేగం పెరగాల కదా? నీకేమి, తొక్కేకొద్దీ ఆలస్యం అవుతా ఉండాది?"

"ఎదురుగాలమ్మా."

"తిరిగి వచ్చేటప్పుడు కూడానా?"

ఆ మధ్యాహ్నం యామిని ఫోన్ చేసింది.

"బావా, పొద్దున నా చీర ఏ రంగు?"

పొద్దున కిటికీ దగ్గర ఎవరో నిలబడ్డట్టు గుర్తు. కాని ఆ సమయంలో కాన్సెలారా స్విట్జర్లాండులో మలుపు తిరుగుతున్నాడు.

"పసుపు?"

"నేను చీర కట్టుకోనేలేదు. చుడీదారు."

"అదే, పసుపు చుడీదారు..."

"నీలం. మల్లెపూలు పెట్టుకుని, మీరు ఒకసారైనా తల ఎత్తుతారేమో అని నిలబడినాను. మీరు ఎత్తలేదు. నా కోసం వస్తా ఉండారా, మా నాయన కోసం వస్తా ఉండారా?"

"నీ కోసమే యామీ! అదంతా సాకు."

"సాకు చెప్పడానికి ఇంత కష్టపడి చదివినవాళ్ళని నేను చూడలేదు," అని పెట్టేసింది.

మర్నాడు కిటికీ మూసి ఉంది. ఆ మర్నాడు కూడా. నీళ్ళచెంబు అత్తగారు తెచ్చిపెట్టి, కొంగు సర్దుకుని లోపలికి వెళ్ళిపోయింది. నరేన్‌కి ఏ కాలపు వీరుడూ రుచించలేదు. మామగారు ఆంకెటిల్ అంటే ఆంకెటిలే అన్నాడు, గన్నా అంటే గన్నాయే అన్నాడు. వాదించని అల్లుణ్ణి చూసి శ్రీరంగరాజా కంగారు పడ్డారు.

"మాటలతో తేలదు మాపిళ్ళా. తొక్కి చూద్దాం. మీది ఈ కాలపు సైకిలు. లోపల నా పాత ఇనుప సైకిలు ఉండాది, ఆంకెటిల్ కాలం నాటిది. ఒకే రోడ్డు, ఒకే గాలి. ఇక్కడినుంచి రాజపాళయం దారిలో కాళిముత్తు టీ కడ దాకా పోయి తిరిగి రావాల. ఒక నిమిషం తేడాతో వదులుతాను."

"మీరు తొక్కుతారా మామా? మోకాలు..."

"నేనెక్కడ? నా తరఫున యామిని తొక్కుతుంది."

నరేన్ కాళ్ళు నేల మీద నిలవలేదు. రోడ్డు ఎవరి గడపా కాదు! కాళిముత్తు టీ కొట్టు మామగారి కంటికి ఆనదు. తను ముందు వెళ్ళి, రెండు టీలు చెప్పి, బెంచీ తుడిచి ఉంచుతాడు. యామిని వస్తుంది. పక్కన కూర్చుంటుంది. క్షమించమంటాడు. పందెం సంగతి ఎవడికి కావాలి?

ఆదివారం పొద్దున సగం వీధి గోడల మీద కూర్చుంది. యామిని నీలం చుడీదారులో, చున్నీ నడుముకు బిగించి వచ్చింది. అతని వైపు చూడనే లేదు. మామగారు టక్కుమని నొక్కారు.

నరేన్ దూసుకుపోయాడు. వెనకనుంచి గాలి తోస్తుంటే తనలో ఇంత బలం ఉందని తనకే తెలియలేదు. పక్కన వెళ్ళే షేర్ ఆటో కూడా వెనకబడినట్టనిపించింది. నిజానికి అది మనుషులను ఎక్కించుకోవడానికి ఆగింది.

టీ కడ దగ్గర దిగాడు. "అన్నా, రెండు టీ. ఒకటి చక్కెర తక్కువ," అన్నాడు. బెంచీ తన చొక్కా కొనతో తుడిచాడు. కాళిముత్తు రెండు గ్లాసులు చేతిలో పెట్టాడు. అంతలో గంట వినిపించింది. ఇనుప సైకిల్ ఏనుగులా వస్తోంది. దాని మీద యామిని, జడ గాలికి ముందుకు ఎగురుతూ.

"యామీ! రా, కూర్చో. నీకు చక్కెర తక్కువే చెప్పినాను!"

యామిని ఆగలేదు. టీ కడ చుట్టూ అందంగా ఒక మలుపు తిరిగింది. తిరుగుతూ తిరుగుతూ, రెండు చేతుల్లో రెండు గ్లాసులతో నిలబడ్డ మొగుడి చొక్కా జేబులో ఏదో పడేసింది.

"రెండూ మీరే తాగండి బావా!" అని ఎదురుగాలిలోకి తొక్కుకుంటూ వెళ్ళిపోయింది.

జేబులో చూస్తే కమర్‌కట్టు. బడి పిల్లలు చప్పరించే ఆ బెల్లం మిఠాయి.

"తమ్ముడూ, పందెం అయిపోయిందా?" అని కాళిముత్తు అమాయకంగా అడిగాడు.

టీ సగం చొక్కా మీద, సగం సీటు మీద పోసుకుని నరేన్ ఎగిరి ఎక్కాడు. ఇందాక వీపు తట్టిన గాలి ఇప్పుడు చెంపలు వాయించింది. తల వంచాడు, పళ్ళు బిగించాడు, పెదవుల మధ్య కమర్‌కట్టు ఇరికించాడు. ముందు నీలం చుక్క. అది పెద్దదవుతుందేమోనని చూశాడు. చిన్నదవుతూనే పోయింది.

అతను సేత్తూరు చేరేసరికి యామిని అరుగు మీద కూర్చుని మజ్జిగ తాగుతోంది. వీధి వీధంతా చప్పట్లు కొట్టింది. శ్రీరంగరాజా మాత్రం స్టాప్‌వాచీని చెవి దగ్గర పెట్టుకుని ఊపుతున్నారు, చెడిపోయిందేమోనని.

"నిన్ను... చూద్దామని... ఆగినాను యామీ," అన్నాడు నరేన్ రొప్పుతూ.

"దారంతా నన్నే చూస్తా వచ్చినారు కదా బావా. ఇంకేమి కావాల?"

"వీపు మాత్రమే కనిపించింది."

"ఇన్నాళ్ళు కిటికీలోనుంచి నాకు కనిపించింది కూడా మీ వీపే."

నరేన్ నోట్లో కమర్‌కట్టు ఒకటుంది, దాన్ని చప్పరించాడు.

"ఇంత బలం ఎక్కడిదే నీకు?" అన్నారు మామగారు.

"ప్లస్ టూ అయ్యేదాకా ఇదే సైకిలు మీద రాజపాళయం బడికి పోయి రాలేదా నాయనా? సాయంత్రం తిరిగి వచ్చేటప్పుడు ఎప్పుడూ ఈ గాలే. మీకు వాచీ చూసేదే తెలుసు." ఆమె మజ్జిగ గ్లాసు దించింది. "ఇంకొకటి. ఇన్నాళ్ళు ఇద్దరూ కాలాలన్నీ తవ్వినారు. అందులో ఆడది ఒకరైనా ఉండారా?"

మామా అల్లుడూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"మీ అరుపులు వింటా లోపల కూర్చుని నేను కూడా ఫోన్లో చదివినాను. బెరిల్ బర్టన్. ఇంగ్లండు ఆవిడ. పన్నెండు గంటల పందెంలో, తనకంటే ముందు బయలుదేరిన మగవాళ్ళందరిలో మొదట ఉన్నవాణ్ణి వెనకనుంచి వచ్చి పట్టుకుంది. పక్కనుంచి పోతా పోతా, పాపం అలిసిపోయినాడని జేబులోనుంచి మిఠాయి తీసి వాడి చేతిలో పెట్టి పోయింది. ఆ రోజు ఆమె తొక్కిన దూరం మగవాళ్ళ రికార్డుకంటే ఎక్కువ."

నరేన్ చప్పరించడం ఆపాడు.

శ్రీరంగరాజా స్టాప్‌వాచీ తీసి కూతురి చేతిలో పెట్టారు. "మాపిళ్ళా, మన వాదం అయిపోయింది. ఇక ఏమైనా ఉంటే ఆమెను అడగండి."

నరేన్ తల వంచుకుని అడిగాడు. "రేపటినుంచి కిటికీ తెరుస్తావా?"

"కిటికీ ఎందుకు? పొద్దున నేను కూడా రోడ్డుకు వస్తాను. మాట్లాడాల అంటే పక్కకు రండి. కాని నేను ఒక నిమిషం ముందు బయలుదేరుతాను."

"అది టైమ్ ట్రయల్ కదే! పట్టుకోవద్దా?"

"పట్టుకోండి. వద్దన్నది ఎవురు?"

ఆ తరవాత ఆడి నెలంతా సేత్తూరు రోడ్డు వెంట పొలాలకు పోయేవాళ్ళకు పొద్దున్నే ఒక వేడుక. ముందు ఒక పాత ఇనుప సైకిలు, దాని వెనక చాలా దూరంలో ఒక కొత్త సైకిలు. ఆ రెంటి మధ్య దూరం తగ్గిన రోజు లేదు. నరేన్‌కి పొట్ట తగ్గింది, ప్యాంటు జారింది, ఉదయకుమార్ వచ్చి తువ్వాళ్ళు ఎక్కడ ఆరెయ్యాలని గొడవ పెట్టుకున్నాడు. మాట మాత్రం దక్కలేదు.

నెల ముగిసేముందు ఒక్కరోజు పట్టుకున్నాడు. ఒక మలుపు తిరిగేసరికి, యామిని చింతచెట్టు కింద సైకిల్ పక్కన నిలబడి ఉంది.

"చైన్ ఊడిపోయింది బావా," అంది దిగులుగా.

నరేన్ గర్వంగా దిగి, చొక్కా చేతులు మడిచి, సైకిల్ పక్కన కూర్చున్నాడు. ఎన్నేళ్ళుగానో ఊడని చైన్ ఇవాళ ఎట్లా ఊడిందని అడగబోయి తల ఎత్తాడు. యామిని చేతులు గబుక్కున వెనక్కి పెట్టుకుంది. కాని అప్పటికే ఆమె వేళ్ళ కొసలకు అంటిన నల్లటి గ్రీజు అతని కళ్ళబడింది.

నరేన్ నోరు మూసుకుని, ఎంత నెమ్మదిగా వీలైతే అంత నెమ్మదిగా, చైన్ ఎక్కించడం మొదలుపెట్టాడు.